వీడియోలో లేని ఫోటో

చనిపోయినవాళ్ళు కనిపించారని ఎవరైనా చెబితే బైబిలు తెరిచి సరిదిద్దేవాణ్ణి నేను. ప్రభువు పిలిచేదాకా వాళ్ళు నిద్రలో ఉంటారు. ఇప్పటికీ నా విశ్వాసం అదే. అందుకే ఇది రాయడం కష్టంగా ఉంది.

మాది వేలూరు దగ్గర గుడియాత్తం. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని చేస్తాను. మా సంఘంలో పెద్దగా కూడా ఉండేవాణ్ణి. రూపాలు చేసుకోకూడదన్న ఆజ్ఞ ఫోటోలకూ వర్తిస్తుందని మా సంఘం నమ్మకం. మా పెళ్ళిలో ఫోటోలు తీయనివ్వలేదు. నా భార్య కరుణ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఒకే ఒక్క ఫోటోను పొయ్యిలో వేయించాను.

రెండేళ్ళ క్రితం కరుణకు కేన్సర్ వచ్చింది. వేలూరులో వైద్యం. మందులకు జుట్టంతా ఊడిపోయింది. ఒక మధ్యాహ్నం తల మీద కొంగు సర్దుకుంటూ, "జుట్టు వచ్చినాక ఒక్క ఫోటో తీసుకుంటానప్పా. పాపకు ఉంటాది. ఈసారి వద్దనవాకు" అంది.

"ముందు నయం కానీ" అన్నాను. జుట్టు మొలవకముందే కరుణ పోయింది.

నాలుగు నెలలకు, మా ఆరేళ్ళ పాప రూతు బడి నుంచి ఏడుస్తూ వచ్చింది. "నాయనా, అమ్మ మొగం మర్చిపోతా ఉండా." తప్పనిసరై తీయించిన ఆధార్ కార్డులోని ఫోటో చూపించాను. "ఇది అమ్మ కాదు" అని తోసేసింది.

వేలూరు బాగాయంలో ఉండే నా మరదలు ఎస్తేరు దగ్గరికి వెళ్ళాను. ఆమెది వేరే సంఘం. ఒకసారి మా కోత పండుగ ఆరాధనకు వచ్చి, నాకు తెలియకుండా ఫోన్‌లో వీడియో తీసుకుంది. "మా అక్క ఫోటోను పొయ్యిలో ఏయించిన పెద్దమనిషికి ఇప్పుడు నా ఫోన్ కావాల్సొచ్చిందా బావా?" అంది. అంటూనే ఏడ్చింది.

వీడియో నాకు పంపి, అందులోంచి ఫోటోలు, ముక్కలు తీసే యాప్ నా ఫోన్‌లో ఎక్కించింది. వేలితో కొంచెం కొంచెంగా జరిపి, కావలసిన చోట నొక్కితే అది ఫోటోగా వస్తుంది.

ఆ వీడియో జబ్బుకు ముందుది. రెండు నిమిషాలు. ఆడవాళ్ళ చాప మీద కరుణ, ముసుగు వేసుకుని, తల వంచుకుని. వీపు మీద నడుము దాకా జడ. చివరిదాకా తల ఎత్తదు. చెంపో గడ్డమో ఏదో ఒకటి దొరక్కపోతుందా అని, ఎస్తేరు ఇంటి వరండాలో కూర్చుని ఒక్కో బొమ్మా జరిపాను.

ఒకచోట కరుణ తలెత్తి నన్నే చూస్తోంది. ముసుగు భుజం మీదికి జారింది. జడ లేదు. తలనిండా అంగుళం పొడవు కొత్త జుట్టు. నొక్కాను. ఫోటో వచ్చింది.

వెనక్కీ ముందుకీ జరిపి చూశాను. అంతా ముసుగే, వంచిన తలే. ఎస్తేరు తన ఫోన్‌లో గంటసేపు వెతికింది. ఆ బొమ్మ లేదు. నా ఫోన్‌లోని వీడియోలో కూడా మళ్ళీ కనబడలేదు. తీసిన ఫోటో మాత్రం ఉంది. అదే చీర, అదే చాప, పక్కన అవే మనుషులు. కరుణను ఆ జుట్టుతో మాలో ఎవరూ చూడలేదు.

పాస్టర్ గారు ఇది శోధన అన్నారు. ప్రార్థించి తుడిచెయ్యమన్నారు. మూడు రోజులు ఉపవాసం ఉన్నాను. జవాబు రాలేదు. తుడవడానికి చేతులు రాలేదు.

రూతుకు చూపించాను. ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని, "అమ్మకు జుట్టు వచ్చేసినాది నాయనా" అంది.

సంఘ పెద్దగా తప్పుకున్నాను. ఫోటో ఇప్పుడు మా గోడ మీద ఉంది. అది ఎలా వచ్చిందో ఈరోజుకీ చెప్పలేను. ఆమె ఒక్క ఫోటో అడిగింది, నేను సరే అనలేదు. నాకు తెలిసింది అంతే.