డికాషన్‌లో నీళ్లు

నా డైరీలో ప్రతిరోజూ మొదటి పంక్తి మా ఆవిడది. పొద్దున కాఫీ తాగుతూ ఆమె అన్న మాట ఏదో ఒకటి అక్కడ రాస్తాను. పెళ్లయినప్పటినుంచీ అదే అలవాటు. "పక్కింటి బోరు మళ్లీ చెడినట్టుంది." "ఈసారి ఆవకాయ నల్లబడింది." "మీ గురకకి పిల్లి కూడా మనింట్లో పడుకోవడం మానేసింది." ఏళ్లకేళ్లు ఇలాంటివే. రెండో పంక్తిలో ఎండావానా, మూడో పంక్తినుంచి నా పనులు.

ఈమధ్య వరసగా తొమ్మిది రోజులు ఆ మొదటి పంక్తి ఖాళీగా ఉండిపోయింది.

కారణం చిన్నదే. డాక్టరు నాకు పాలూ చక్కెరా రెండూ మాన్పించాడు. మొదటిరోజు మా ఆవిడ ఉత్త డికాషనే గ్లాసులో పోసి ఇచ్చింది. ఒక గుక్క మింగాను, రెండోది మింగలేకపోయాను. మర్నాటినుంచి వేడినీళ్లతో సరిపెట్టుకున్నాను. నా ఎదురుగా తను పాలకాఫీ తాగితే నాకు నోరూరుతుందని ఆమె వంటింట్లోనే నిలబడి తాగేసి, గ్లాసు కడిగి, పనిలో పడిపోయేది. వరండాలో రెండు కుర్చీలు, మనిషిని నేనొక్కణ్నే. మిగతా రోజంతా మేం మాట్లాడుకునేవి గ్యాసు, కూరగాయలు, మందుల మాటలే. ఊరికే మాట్లాడుకునేది ఆ ఇరవై నిమిషాలే. ఆ సంగతి డైరీ తిరగేస్తేగాని నాకు తెలియలేదు. తొమ్మిది ఖాళీ పంక్తులు చూసి భయం వేసింది.

ఉద్యోగమున్నంతకాలం నేను మా ఊరు మిర్యాలగూడ రైసుమిల్లుల్లో ధాన్యం నాణ్యత చూసే పని చేశాను. బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి గింజలు తీయడం, అరచేతిలో పోసుకుని చూడడం, ఒకటి పంటికింద కొరికి తేమ ఎంతుందో చెప్పడం. చిక్కు ఏదొచ్చినా, శాంపిల్ తీసి చూడడమొక్కటే నాకు తెలిసిన దారి. కాని కాఫీకి ఎక్కడ శాంపిల్ తీయాలో తెలియలేదు.

పదోరోజు కంటిపరీక్షకు సూర్యాపేట వెళ్లాను. పని అయ్యాక హైవే పక్కన నడుస్తుంటే ఒక కొత్త కాఫీ దుకాణం కనబడింది. నడుపుతున్నామెకు ముప్పై అయిదేళ్లుంటాయి. తన ఊరు దగ్గర్లోని మోతె అని తర్వాత చెప్పింది.

"పాలు, చక్కెర లేకుంట కాఫీ ఉంటదా బిడ్డా?" అన్నాను.

"ఉంటది సార్. మిషన్‌ది ఇయ్యనా, డ్రిప్పు ఇయ్యనా?"

"రెంటికీ ఫరకేంది?"

"తాగితే తెలుస్తది. చెప్తే ఏం తెలుస్తది?"

"అయితే రెండూ ఇయ్యి. చేసేటప్పుడు నాకు చూపియ్యాలె."

"హోటల్ పెడ్తరా ఏంది సార్, గీ వయసుల?"

"పెడితే నీ పక్కకే పెడ్త."

ఆమె నవ్వి నన్ను కౌంటరు లోపలికి పిలిచింది. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాను.

ముందు మిషన్. పిండిలా మెత్తగా పట్టిన పొడిని పిడి ఉన్న గిన్నెలో వేసి గట్టిగా అదిమింది. మీట నొక్కగానే మిషన్ వేడినీళ్లను ఆ పొడిలోంచి బలంగా తోసింది. నా గడియారం ప్రకారం అర నిమిషం. కిందికి దిగింది రెండు గుక్కలంతే. చిక్కగా, పైన తేనెరంగు నురుగుతో. ఎస్ప్రెసో అంటే ఇదేనట. అది బాగానే ఉంది. ఆ తర్వాత ఆమె పెద్ద గ్లాసు తీసుకుని దాంట్లో వేడినీళ్లు కలపబోయింది.

"ఆగాగు. నీళ్లు పోస్తున్నవేంది?"

"పొయ్యకుంటే మీరు మళ్ల నా దుకాణం మెట్లెక్కరు. జర ఓపిక పట్టుండ్రి."

ఒక వంతు కాఫీకి మూడు వంతుల నీళ్లు. దాని పేరు అమెరికానో.

తర్వాత డ్రిప్పు. ఈసారి పొడి రవ్వలా ఉంది. గరాటులో కాగితం పెట్టి, పొడి వేసి, సన్నటి ధారగా చుట్టూ తిప్పుతూ నీళ్లు పోసింది. ఇక్కడ తోసేవాళ్లెవరూ లేరు. నీళ్లు తమ బరువుతో తామే దిగాయి, చుక్క తర్వాత చుక్క. నాలుగు నిమిషాలు.

రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. అమెరికానో నాలుక మీద బరువుగా నిలిచింది. చేదు ముందు వచ్చి మెల్లగా దిగింది, చివర్లో వేయించిన పల్లీల వాసన. డ్రిప్పు అద్దంలా తేటగా ఉంది. గింజల్లోని నూనె కాగితానికే అంటుకుపోతుందట. అందుకే జిడ్డు లేదు. వాసన ముందే ముక్కుకు తగిలింది, చల్లారేకొద్దీ సన్నటి పులుపు బయటపడింది. రెండూ ఒకే సంచీలోని గింజలు. ఒకే వడ్లు పచ్చిగా ఆడిస్తే ఒక బియ్యం, ఉడకబెట్టి ఆడిస్తే ఇంకో బియ్యం అయినట్టు. నాకు పాతికేళ్ల వయసులో మొదటిసారి మిల్లులో అడుగుపెట్టిన రోజు గుర్తొచ్చింది. మూడు పేజీలు రాశాను.

తిరుగు బస్సులో ఉన్నట్టుండి అసలు సంగతి తట్టింది. సీట్లోంచి సగం లేచి మళ్లీ కూర్చున్నాను. మా ఇంటి ఇత్తడి ఫిల్టరులో నీళ్లు దిగేది డ్రిప్పులాగే, తమ బరువుతోనే. కాని దిగే డికాషన్ మాత్రం మిషన్ కాఫీలాగా చిక్కన. పాలు కలుస్తాయన్న లెక్కతో తీసిన చిక్కదనం అది. నేను పాలు తీసేసి, వాటి చోటులో ఏమీ పెట్టకుండా తాగాను. తప్పు డికాషన్‌ది కాదు. మూడు వంతుల వేడినీళ్లు చాలు, పొద్దున్న వరండాలో రెండో కుర్చీ నిండుతుంది.

ఇంటికి వెళ్లి చెప్పులు విప్పకముందే చెప్పాను.

"డికాషన్‌లో నీళ్లా?" అంది మా ఆవిడ. "నేను పోయనండి."

"తాగేది నేనే గద. చుట్టాలకా?"

"ఎవరికైనా అంతే. ఒక్కసారి పోసినందుకే మీ బాబాయి ఊరంతా చాటాడు. ఆ అమ్మాయి దగ్గరికే వెళ్లి తాగండి రోజూ."

ఆమెది కోదాడ. అంతకుముందు మా ఇంట్లో అందరిదీ చాయే. కాఫీ ఆమెతోనే, ఆ ఇత్తడి ఫిల్టరుతోనే వచ్చింది. మొదట దిగిన డికాషన్ చుట్టాలకు, అదే పొడిలో మళ్లీ నీళ్లు పోసి తీసిన రెండో డికాషన్ ఇంట్లోవాళ్లకు. ఇది ఆమె పుట్టింటి మర్యాద. పెళ్లయిన కొత్తలో ఒకరోజు చెప్పాపెట్టకుండా అయిదుగురు దిగారు. మొదటి డికాషన్ చాలలేదు. చివరి గ్లాసులో రెండోది కలిసింది, ఆ గ్లాసు మా బాబాయికి వెళ్లింది. "మా కోదాడ కోడలు కాఫీల చేపలు పెంచొచ్చురా" అన్నాడు. తర్వాత ప్రతి పెళ్లిలోనూ అదే మాట. ఆనాటి డైరీ పేజీ ఇప్పుడు తీసి చూశాను. "అందరూ నవ్వారు" అని రాసి ఉంది. ఆమె నవ్వలేదని రాయలేదు. నేను నవ్వానని కూడా రాయలేదు.

ఆ వారమే కోదాడలో ఆమె తమ్ముడి గృహప్రవేశం. తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఎప్పుడూ కొనే కాఫీపొడి దుకాణానికి వెళ్లాం.

"చికోరీ పొడి ఎప్పట్లాగే కలపమంటారా?" అన్నాడు దుకాణదారు.

"వద్దు, ఉత్త గింజలే పట్టు" అన్నాను నేను.

"పాలల్లో రంగు రాదండి మరి. తర్వాత నన్ననకూడదు."

"ఈయనకి పాలెక్కడున్నాయి లెండి" అంది మా ఆవిడ, నావైపు చూడకుండా.

నేరుగా ఇంటికి వెళ్లకుండా మా ఆవిడను సూర్యాపేటలో ఆ కాఫీ దుకాణానికి తీసుకెళ్లాను. ఏది ఏదో చెప్పొద్దని దుకాణం ఆమెకు సైగ చేశాను. మూడు గ్లాసులు వచ్చాయి.

మొదటిది ఉత్త ఎస్ప్రెసో. మా ఆవిడ ఒక్క చుక్క నాలుకకు తగిలించి గ్లాసు దూరంగా జరిపింది. "ఇది కాఫీయా అమ్మా, ఆ రోడ్డుకి వేసే తారా?"

రెండోది తాగింది. మళ్లీ తాగింది. "ఇదీ కాఫీ అంటే. పాలు లేకపోయినా చుట్టాలకి ఇవ్వచ్చు."

మూడోది డ్రిప్పు. "వాసన బ్రహ్మాండం. కానీ పలచన. పొద్దున్నే నాకిది చాలదు."

దుకాణం ఆమె ఇక ఆగలేకపోయింది. "అమ్మా, ఆ రెండోదాంట్ల ముప్పావు నీళ్లే. మీరు తారన్నరు సూడుండ్రి, గా తారుకే నీళ్లు పోసిన."

మా ఆవిడ ఆమెను చూడలేదు, నన్ను చూసింది. "తెలిసే తీసుకొచ్చారా?"

"తెలిసే."

ఆమె కొంగు సర్దుకుని బయటికి నడిచింది. బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. పరాయి మనిషి ముందు, మా ఆవిడ కాఫీ మీద, మళ్లీ నవ్వులాట. బాబాయి చేసిన పనే నేనూ చేశానని అప్పుడు అర్థమైంది. నోటుబుక్కు తీయబుద్ధి కాలేదు.

మిర్యాలగూడ దగ్గరపడుతుండగా అన్నాను: "ఆ రోజు నేను నవ్వకుండ ఉండాల్సింది."

ఏ రోజని ఆమె అడగలేదు. "ఇన్నేళ్లు పట్టిందా అది చెప్పడానికి?" అంది. కొంచెంసేపటికి, "మూడు వంతులా, రెండున్నరా?" అని అడిగింది.

"మూడు" అన్నాను.

మర్నాడు అయిదూ నలభైకి వరండాలో రెండు గ్లాసుల చప్పుడు. ఒకటి ఆమె పాలకాఫీ. రెండోదాంట్లో పావువంతు డికాషన్, పక్కన స్టీలు చెంబులో పొగలు కక్కుతున్న నీళ్లు. "మీరే పోసుకోండి. నా చేత్తో నేను పోయను" అని ఆమె తన కుర్చీలో కూర్చుంది.

ఒక వంతు పోసి రుచి చూశాను. ఇంకా గట్టిగానే ఉంది. రెండు వంతులు. చేదు వెనక్కి తగ్గి, డ్రిప్పులో తగిలిన వాసనే పైకి వచ్చింది. దాని కింద అమెరికానో బరువు కూడా ఉంది. ఆ దుకాణంలో రెండు గ్లాసుల్లో విడివిడిగా దొరికినదే మా ఇంటి ఫిల్టరులో కలిసే ఉందన్నమాట. ఇన్నాళ్లూ పాలకింద దాగి. సంతోషం పట్టలేక మూడో వంతు కోసం చెంబు ఎత్తాను.

మా ఆవిడ గ్లాసు అంచు మీదుగా చూస్తోంది. "ఇంకా పోస్తారా? చేపలకి ఆ నీళ్లు చాలవా?"

ఆ రోజు డైరీలో మొదటి పంక్తి సరిపోలేదు. ఆమె మాటలు రెండో పంక్తిలోకి వచ్చాయి. ఎండావానా మూడో పంక్తికి జరిగాయి.