తేమ చెప్పే వెంట్రుక

మా వదిన తల వెంట్రుకను బొమ్మ విమానానికి కట్టి ఆకాశంలోకి పంపిన మొనగాణ్ణి నేనే. ఈ మాట చెబితే అందరూ నవ్వుతారు. నవ్వండి. కొన్నాళ్లు నేనూ గొప్పగానే చెప్పుకుని తిరిగాను. ఆ గొప్పకు మా అన్న విత్తనాలు పోయాయి.

అప్పట్లో నేను కర్నూలులో ఒక కాలేజీ ఫిజిక్సు ల్యాబులో డిమాన్‌స్ట్రేటరుగా ఉండేవాణ్ణి. యాభైల మొదట్లో సంగతి. ఊరూరా గంజి పోసిన కరువు అప్పుడే వెనకబడింది గానీ వానలు మాత్రం ఇంకా దారికి రాలేదు. అమ్మానాన్నా పోయాక నన్ను పెంచి చదివించింది అన్నే. మైదుకూరు దగ్గర మా ఊళ్లో సేద్యం చేసేవాడు. ఆ యేడు ఆయన ఇంట్లో మూడు మూటల శనక్కాయ విత్తనాలు మిగిలి ఉన్నాయి. కరువులో వదినా ఆయనా గంజి తాగి పడుకున్నారే గానీ ఆ మూటల తాడు విప్పలేదు. అవి మొలిస్తే మా ఇంటికి సేద్యం ఉన్నట్టు, ఎండితే లేనట్టు. ఇంకో మూట ఎక్కడా లేదు.

ఇక విమానం సంగతి. మా కాలేజీ లెక్చరరు ఒకాయన మద్రాసు నుంచి సామాను తెప్పించుకుని, తేలిక చెక్కతో, సన్న కాగితంతో ఆ విమానం కట్టాడు. రెక్కలు నేను రెండు చేతులూ చాచినంత ఉండేవి. ఎగరేయకముందే ఆయనకు బదిలీ అయింది. విమానం పెట్టిన పెట్టెను ఆయన ఇల్లాలు బస్సెక్కనివ్వలేదట, నాకిచ్చి వెళ్లిపోయాడు. కోట బురుజు దగ్గర రేడియోలు బాగుచేసే సాయబు ఒకాయన నాకు మంచి స్నేహితుడు. నాకంటే పెద్దవాడు, భాయ్ అని పిలిచేవాణ్ణి. ఇద్దరం కూర్చుని దానికి ప్రాణం పోశాం. కింద నుంచి రేడియోతో నడపడం అంటే ఏదో మహత్తు అనుకునేరు. మా దగ్గరున్నది ఒక్కటే బొత్తాం. ఒకసారి నొక్కితే తోక ఎడమకు తిరిగేది, మళ్లీ నొక్కితే కుడికి. లైసెన్సు సంగతి నన్నడక్కండి, మేమూ ఎవరినీ అడగలేదు.

రెక్క విరక్కుండా అది మూడోసారి నేలకు దిగిన రోజున నాకు కొత్త బుద్ధి పుట్టింది. ఊరికే తిరిగి రావడమేనా, పైనుంచి మాకేదైనా చెప్పొద్దూ? ఏం చెప్పాలి? మా సీమలో ఆకాశాన్ని మనుషులు అడిగేది ఒకటే. తేమ ఉందా, లేదా.

గాలిలో తేమ పెరిగితే తల వెంట్రుక కాస్త సాగుతుంది, గాలి పొడిబారితే కురచవుతుంది. ఆ తేడా కంటికి ఆనదు గానీ, వెంట్రుకను చిన్న మీటకు కడితే మీట కదులుతుంది. ఆ కదలికను బట్టి ఈల మారేట్టు ఒకే వాల్వుతో, అంటే రేడియోల్లో వెలిగే గాజు బుడ్డితో, అరచేతిలో పట్టే ట్రాన్స్‌మిటరు కట్టాడు భాయ్. గాలి పొడిగా ఉంటే కింద మా రేడియోలో ఈల కీచుమంటుంది. తేమగా ఉంటే బొంగురుపోతుంది.

"అంతా బాగనే ఉండాది గానీ వెంట్రుక యాడ తెస్తావప్పా? మన ఇద్దరి తలలూ చూస్తే బట్ట మైదానాలు," అన్నాడు భాయ్.

నాకు తెలిసిన పొడవాటి జడ మా వదినది. అయితే మా వైపు ఆడవాళ్లు దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను కూడా ఉండచుట్టి, తుపుక్కుమని ఉమ్మి గానీ పారేయరు. ఎవరి చేతిలో పడితే ఏం చేతబడి జరుగుతుందోనని భయం. అలాంటి ఇంట్లో మరిది వచ్చి వెంట్రుకలు ఇమ్మంటే బాగుంటుందా? సెలవుకు ఊరికి పోయి రెండు రోజులు నీళ్లు నమిలి, చివరికి అన్న చేత అడిగించాను.

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నేను మైదుకూరు సంత దాటి యాడికీ పోలే. నా వెంట్రుకన్నా పోయిరానీలే."

శీకాయతో రెండుసార్లు రుద్ది కడగమనీ, జిడ్డు ఉండకూడదనీ చెప్పాను. మర్నాడు పొద్దున్నే కాగితంలో చుట్టి గడప మీద పెట్టింది. వదిన తల వెంట్రుకలు కదా, విప్పి తడిమి చూడ్డానికి సిగ్గేసింది. అలాగే జేబులో పెట్టుకుని కర్నూలు బస్సెక్కాను.

జిడ్డు పోగొట్టడానికి పుస్తకంలో రాసింది శీకాయ కాదు, ఈథరు. అది మా దగ్గర లేకపోలేదు. ఆసుపత్రి కాంపౌండరును బతిమాలి తెచ్చుకున్న సీసా ఒకటుంది. కానీ మా ఇంజను తాగేదీ అదే. ఈథరూ, కిరసనాయిలూ, ఆముదమూ కలిపి పోస్తేనే అది దగ్గడం మానేసి తిరిగేది. వెంట్రుకకు వాడితే ఇంజనుకు చాలదు.

"శీకాయతో కడిగిందే కదా భాయ్, చాల్లే," అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇంకెవరూ అనలేదు.

వెంట్రుకను పట్టకారుతో పట్టి బిగించి, తడిగుడ్డ చుట్టి చూశాం. ఈల బొంగురుపోయింది. ఇద్దరం ఎగిరి గంతేశాం. గుడ్డ తీశాక వెంట్రుక ఆరి, ఈల మళ్లీ ఎంత త్వరగా కీచుమంటుందో కూడా చూడాలి. కానీ ఊళ్లో ఒక వాన పడిందని అన్న కబురంపాడు. అది చూడకుండానే విమానాన్ని బస్సు టాపు మీద కట్టించి ఇద్దరం బయల్దేరాం.

జానెడు లోతు తడిసింది నేల. ఆ పదునులో విత్తాలా, ఆగాలా అన్నదే అన్న బాధ. "ఇప్పుడు యేస్తే ఎనకాల ఇంకో వాన రావాల. రాకుంటే మూడు మూటలూ మట్టే. యేయకుంటే పదును ఆరిపోతాది, యేడు పోతాది. నీ మిషను ఏం సెప్తే అది అబ్బీ," అన్నాడు.

పైన తేమ ఉన్నంత మాత్రాన వాన పడుతుందని ఏ పుస్తకమూ చెప్పదు. ఆ సంగతి నాకు తెలుసు. అన్నకు చెప్పానా? లేదు. ఆయన నా వైపు చూసిన చూపు అంత బాగుంది. పదేళ్లు నా చదువుకు పెట్టిన కష్టం ఇప్పుడు ఫలించబోతోందన్నట్టు చూశాడు.

మధ్యాహ్నం చేనుగట్టు మీద భాయ్ బొత్తాం పట్టుకున్నాడు, నేను రేడియో దగ్గర కూర్చున్నాను. విమానం గుండ్రాలు కొడుతూ పైకి పోయింది. ఈల బొంగురుగా వచ్చింది. ఇంకా పైకి పోయింది. అంతే బొంగురు. కింద ఎలా ఉందో పైనా అలాగే, చుట్టూ తిరిగినా అలాగే. ఏ గాలీ అంత నిలకడగా ఉండదు. అనుమానం రావలసింది సరిగ్గా అక్కడే. నాకు మాత్రం సంబరం వచ్చింది.

"తేమ ఉండాదా?" అన్నాడు అన్న, రేడియోకు చెవి ఆనించి.

"కావలసినంత ఉంది. వేసెయ్యి అన్నా."

మర్నాడే విత్తడానికి గొర్రు కట్టాడు. వారం తిరక్కుండా మొలకలు వచ్చాయి. వదిన ఆ చేలో నిలబడి ఆకాశం వైపు చూసి, "నా వెంట్రుక మంచిదే," అందట. ఆ తర్వాత గాలి మొదలైంది. రోజూ పొద్దున మబ్బు కనిపించేది, ఎండ ఎక్కేసరికి మాయమయ్యేది. రెండో వాన రాలేదు. నేను సెలవు పెట్టి ఊరికి వెళ్లేసరికి మొలకలు వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతున్నాయి.

అన్న తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. "నీ మిషను సరిగ్గనే సెప్పినాది అబ్బీ. పైన తేమ ఉన్నింది. కిందికి రాల్యా, అంతే," అన్నాడు.

ఆ చలికాలం ఇద్దరూ ఎడ్లను అమ్మేసి, ఇంటికి తాళం వేసి బేతంచెర్లకు పోయారు. అన్న నాపరాళ్ల గనిలో పనికి కుదిరాడు. నాకు విమానం మొహం చూడబుద్ధి కాలేదు. రెక్కలు ల్యాబు అటక మీద చెదలు తిన్నాయి. ఎవరి రేడియోకో వేయడానికి వాల్వు తీసుకుంటానని భాయ్ అడిగితే తీసుకోమన్నాను. తప్పు ఎక్కడ జరిగిందో మాత్రం నాకు అంతుపట్టలేదు. వానదే మోసమని నేనూ నమ్మడం మొదలుపెట్టాను. హాయిగా ఉండేది ఆ నమ్మకం.

మరుసటి యేడు ఎండాకాలం చివర్లో రైలు దిగి వాళ్ల దగ్గరకు వెళ్లాను. గని పక్కన రాళ్లు పేర్చి కట్టుకున్న ఒంటి గది. గిన్నెల మీదా, అన్న కనుబొమల మీదా ఒకే తెల్లటి దుమ్ము. నేను కూర్చున్నానో లేదో వదిన డబ్బాలోంచి ఒక పొట్లం తీసి నా ముందు పెట్టింది.

"యాడాది నుంచి పొడుగాటివి ఏరి దాచినా నాయనా. మళ్లా ఎగరేస్తావు గదా."

ఈసారి విప్పాను. కాగితం పారదర్శకంగా ఉంది. వెంట్రుకలు నిగనిగలాడుతున్నాయి. వేళ్లకు జిడ్డంటింది.

"నూనె పెట్టినావా వదినా?"

"పెట్టకుంటే ఎట్ల? పోయినసారి గూడా నువ్వు సెప్పినట్ల శీకాయతో కడిగి, ఆరినంక ఆముదం రాసినా. సావు ఇంట్లోనే గదా వెంట్రుకలకు నూనె లేకుండా ఉండేది? విత్తనం యేసే దినాల్లో ఎండు వెంట్రుకలు ఇంట్లో నుంచి ఎట్ల పంపిస్తా?"

తడిగుడ్డ పట్టించిన తేమను ఆముదం లోపలే పట్టి ఉంచింది. మేము ఆ మధ్యాహ్నమంతా విన్నది ఆకాశం గొంతు కాదు, కర్నూలులో నేను చుట్టిన గుడ్డ గొంతు. ఒక చిన్న మూత ఈథరు పోసి ఉంటే ఆ నూనె పోయేది. చెప్పేద్దామని నోరు తెరిచాను. చెబితే ఆమె నా శీకాయ మాటను, నా ఈథరు పిసినారితనాన్ని పట్టించుకోదు. తన ఆముదమే తన కొంప ముంచిందని చచ్చేదాకా ఏడుస్తుంది. ఇలా అనుకున్నాను గానీ, నిజం అది కాదు. అన్న ముందు నాకు ధైర్యం లేకపోయింది.

"శానా బాగుండాయి వదినా," అన్నాను.

గుమ్మంలో చేతులు కడుక్కుంటున్న అన్న లోపలికి వచ్చాడు. మూల ఉన్న గోతం పక్కకు జరిపాడు. దాని వెనక చిన్న మూట, మూతికి గట్టిగా తాడు కట్టి ఉంది. గనిలో రాళ్లు కొట్టి కూడబెట్టి కొన్న శనక్కాయ విత్తనాలు.

"ఈ తూరి గూడా నువ్వు పైకి పంపి సెప్పినంకనే ఊరికి పోయి యేస్తా అబ్బీ. ఎప్పుడు పంపేది కబురు సెయ్యి," అన్నాడు.

అప్పటికి మా వాల్వు కర్నూలులో ఎవరింట్లోనో రేడియోలో పాటలు వినిపిస్తోంది.

"చేస్తాలే అన్నా," అన్నాను.