ఈల మాస్టారి కొత్త మోకాలు

మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు అనే సామెత ఈల మాస్టారి కోసమే పుట్టిందని ఆయన భార్య ఏనాడో తేల్చేసుకుంది. బడిలో డ్రిల్లు చెప్పినన్నాళ్ళూ, కుంటుతూ వచ్చిన పిల్లల్ని సోమరి వెధవలని తిట్టి ఎండలో పరుగెత్తించిన ఘనుడాయన. రిటైరయ్యాక ఆయన మోకాళ్ళకే నొప్పి వచ్చింది. అది మాత్రం సోమరితనం కాదట, పెద్ద జబ్బట!

మోకాలు మార్చే ముందు ఆసుపత్రిలో ఒక పరీక్ష పెట్టారు. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవాలి, గోడదాకా నడిచి రావాలి, మెట్లెక్కాలి. ఆపరేషన్‌కి ముందు కాలికున్న బలాన్ని బట్టి, ఆ తర్వాత ఎంత త్వరగా కోలుకుంటారో ఫిజియోథెరపీ అమ్మాయి అంచనా కడుతుంది. వెనకబడతారనుకున్న వాళ్ళ ఇంటికి రోజూ మనిషిని పంపి వ్యాయామం చేయిస్తారు. మిగతావాళ్ళు సొంతంగా చేసుకోవాలి.

మాస్టారికి అది పోటీలా కనబడింది. ఆ పొద్దున నొప్పి మాత్రలు రెండు గుటుక్కున మింగి వెళ్ళి, కుర్రాడిలా మెట్లెక్కి దిగాడు.

"మీరు ఇట్టే లేచి తిరుగుతారు సార్" అంది అమ్మాయి.

ఆయన మీసం దువ్వుకున్నాడు. మాత్రల సంగతి బయటపెడితే సాధించి చంపుతాడని భార్య నోరు మూసుకుంది.

ఆపరేషన్ బాగానే అయింది. ఇంటికి ఎవరూ రాలేదు. "నాకు వ్యాయామం ఒకరు నేర్పాలా?" అంటూ మాస్టారు మోకాలి కింద మెత్తటి దిండు పెట్టుకుని పడుకున్నాడు. కాలు కర్రలా బిగిసింది. బాత్రూముకు వెళ్ళాలన్నా ఆమె భుజమే దిక్కు.

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్తే డాక్టరు మొహం చిట్లించాడు. "ఈ నెలలో వంగకపోతే ఇక జన్మంతా ఇంతే."

"నా అంచనా ఎక్కడ తప్పిందో!" అని అమ్మాయి తల పట్టుకుంది.

"మీది తప్పలేదమ్మా. ఆ రోజు నడిచింది ఈయన కాదు, నొప్పి మాత్రలు" అంది భార్య.

"నిన్నెవరడిగారు?" మాస్టారు పరీక్ష బల్ల మీంచే గర్జించాడు.

"మీ కాలు అడిగింది."

అమ్మాయి మోకాలు పట్టి కాస్త వంచేసరికి గర్జన కాస్తా మూలుగైంది. "నడుస్తానా అమ్మా?" అన్నాడు సన్నగా.

"ఇప్పుడేం చెప్పలేను సార్."

మాస్టారు భార్య వైపు చూశాడు. ఈ బింకం సడలే రోజు కోసం ఆమె ఎన్నేళ్ళు చూసిందో! తీరా వచ్చాక సంతోషం కలగలేదు. అసహ్యమూ తగ్గలేదు.

"రేపట్నించి మనిషిని పంపండమ్మా" అంది. "ఈయన కేకలకు జడిసేవాళ్ళని మాత్రం పంపకండి."