మేస్త్రీ వద్దన్న కారు

ఆ కుటుంబంలో, వాళ్ళకు తెలిసినవాళ్ళలో ఎవరు కారు కొనాలన్నా ముందు దానిమీద మేస్త్రీ వేలు పడాల్సిందే. మేస్త్రీ అంటే ఇళ్ళు కట్టే మేస్త్రీ కాదు, కార్లకు రంగులు వేసే మేస్త్రీ. గుద్దుకుని, సొట్టలు పడి, ఇక తుక్కు కిందికే అనుకున్న బళ్ళు ఆయన షెడ్డుకొస్తే పదిరోజులకు పెళ్ళికొడుకుల్లా బయటికి పోయేవి. ముప్పై ఏళ్ళుగా అదే పని. అంచేత ఏ కారుకు ఎక్కడ లప్పం పెట్టారో, ఏ డోరుకు మళ్ళీ రంగు కొట్టారో, అమ్మేవాడికి కూడా తెలియనిది ఆయనకు తెలిసేది. కుడిచేతి నడిమివేలు మడిచి, బానెట్ నుంచి డిక్కీ దాకా టకటకా కొట్టుకుంటూ, చెవి ఒగ్గి వింటూ ఓ చుట్టు తిరిగేవాడు. కంపెనీ రంగున్న రేకు ఖణేల్మంటుంది. లప్పం పూసిన రేకు పిండిబస్తా మీద కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. చుట్టు పూర్తయ్యాక ఒకటే మాట. 'తీసుకో', లేదంటే 'వద్దు'. ఎందుకని అడిగితే మాత్రం కోపం వచ్చేది. "డాక్టరు దగ్గరికెళ్ళి నాడి చూడటం నాకూ నేర్పమంటావా?" అని కసిరేవాడు.

అలా పదకొండు కార్లు చూశాడు. ఒక్కదాని విషయంలోనూ మాట తప్పిపోలేదు.

ఇన్ని కార్లకు మంచీచెడూ చెప్పినవాడికి సొంతానికున్నది ఓ పాత స్కూటరు. పైన రంగు తళతళలాడుతూ ఉంటుంది, లోపల ఇంజను మూలుగుతూ ఉంటుంది. కారెందుకు కొనలేదంటే పెద్ద కథేం లేదు. పిల్లల చదువులు, షెడ్డు అద్దె, ఏటా మొరాయించే కంప్రెషరు, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు అనుకోవడం. అందుకు ఆయన కుమిలిపోయిందీ లేదు. ఆయన బాధల్లా తోడల్లుడు.

తోడల్లుడు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు. మనిషి చెడ్డవాడా అంటే, అదే కదా వచ్చిన చిక్కు, చెడ్డవాడైనా బావుండేది. కనిపిస్తే "అన్నయ్యా" అంటూ లేచి నిలబడతాడు. కుర్చీ ఒక్కటే ఉంటే తను నేలమీద కూర్చుంటాడు. అత్తగారు "మా చిన్నల్లుడు బంగారం" అంటుంది. పెద్దల్లుడి మాటొస్తే, "ఆయనకేం, కష్టజీవి" అంటుంది. లోకంలో ఇంతకంటే నీరసమైన మెప్పు ఇంకోటుందా? తోడల్లుడు రెండు తలుపుల ఫ్రిజ్ కొన్ననాడు మేస్త్రీ ఇంటికొచ్చి తన ఫ్రిజ్ ఒంటితలుపును ధడాలున వేశాడు. సొంత ఫ్లాట్లో దిగిననాడు గోడలన్నీ నిమిరి చూసి, "రంగు నాసిరకం, రెండేళ్ళలో పెచ్చులూడుతుంది" అని జోస్యం చెప్పాడు. ఐదేళ్ళయింది. ఒక్క పెచ్చు ఊడితే ఒట్టు.

"మీకు కడుపుమంటండీ. మజ్జిగ తాగండి" అనేది భార్య.

"నాకెందుకే మంట? వాడి బతుకు వాడిది, నా బతుకు నాది" అంటూనే ఆ మజ్జిగ తాగేవాడు.

ఒక్క కార్ల దగ్గర మాత్రం ఆయన తలెత్తుకు కూర్చునేవాడు. అక్కడ బంగారం పప్పులుడకవు. కారు మాటొస్తే అత్తగారు సైతం, "పెద్దల్లుడిని అడగండి" అనాల్సిందే. ఉన్న ఒక్క పరువూ అదే.

అలాంటిది ఓ రోజు తోడల్లుడు షెడ్డుకే వచ్చాడు. "అన్నయ్యా, కారు తీసుకుందామనుకుంటున్నాం. ఊరి చివర కార్ల సూపర్‌మార్కెట్ పెట్టారు కదా, కొత్తవాటిలాంటి కార్లే, తగ్గింపు ధరలంట. ఆదివారం మీరొచ్చి చెయ్యేస్తేనే కొంటాను, లేకపోతే లేదు."

మేస్త్రీ చేతిలో స్ప్రేగన్ ఉంది. పనిచేస్తున్న డోరు మీద రంగు ఒకచోట కాస్త కారింది. ముప్పై ఏళ్ళలో ఆయన చేతికింద రంగు కారడం అది రెండోసారో మూడోసారో. "వస్తాలే" అన్నాడు.

ఆదివారం అక్కాచెల్లెళ్ళూ తోడల్లుళ్ళూ నలుగురూ వెళ్ళారు. ఒకప్పుడు గోడౌను. ఇప్పుడు వరసకు నలభై చొప్పున కార్లు పేర్చి పెట్టారు. ఏడాదిలోపు వాడినవి, షోరూంలో చూపించడానికి తిప్పినవి, ఎవరో బుక్ చేసి వద్దనుకున్నవి. ప్రతి అద్దం మీదా పాత ధరను ఎర్రగీతతో కొట్టేసి కింద కొత్త ధర. 'బేరాలు లేవు' అని గజానికో బోర్డు. జనం వంకాయలు ఏరుకున్నట్టు ఈ కారు తలుపు తీసి, ఆ కారు తలుపు వేసి చూస్తున్నారు. చేతికో ట్రాలీ ఇవ్వడమే తక్కువ.

నాలుగో వరస చివర ఉంది ఆ కారు. మబ్బురంగు. పదకొండు నెలల బండి. తిరిగింది కూడా నాలుగువేల కిలోమీటర్లే. తోడల్లుడు దాని ముందు ఆగిపోయాడు. మరదలు, "బావగారూ, ఇది చూడరూ" అంది.

మేస్త్రీ వేలు మడిచాడు. బానెట్ ఖణేల్మంది. ముందు రెక్కలు, డోర్లు, టాపు, డిక్కీ, అన్నీ ఖణేల్మన్నాయి. వంగి తలుపుల రబ్బరు బీడింగు పక్కకు లాగి చూశాడు. మళ్ళీ రంగు కొట్టిన అంచు కనబడలేదు. బానెట్ ఎత్తి బోల్టుల తలలు చూశాడు. పానా తగిలిన గీత ఒక్కటి లేదు. ఎండలోకి నెట్టించి పక్కనుంచి చూశాడు. అద్దంలో చూసినట్టు ఆయన మొహం ఆయనకే కనబడింది. అబ్బ, ఏం బండి! తను చూసిన పదకొండింటిలో దీని కాలిగోటికి సరిపోయేది లేదు. అదృష్టం కూడా వాడి అడ్రసే వెతుక్కుంటూ పోతుందేమిటి?

అప్పుడు కూడా 'తీసుకో' అనేవాడే. కానీ ఈలోపు ఆయన భార్య ముందు సీట్లో కూర్చుంది. కూర్చుని, సీటు మీద అరచేత్తో ఓసారి రాసి, కిటికీలోంచి చెల్లెలితో, "అదృష్టవంతురాలివే" అంది. ఎత్తిపొడుపు లేదు, ఏడుపు లేదు. ఊరికే అంది. పాతికేళ్ళ కాపురంలో ఆమె తనను తాను ఆ మాట అనుకోవడం మేస్త్రీ ఎన్నడూ వినలేదు. కడుపులోంచి మంట జివ్వున గొంతుదాకా వచ్చింది.

"వద్దు" అన్నాడు మేస్త్రీ.

యార్డు మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "అయ్యో, ఏమైంది సార్? మచ్చలేని బండి ఇది."

"కుడివైపు వెనక డోరు. గట్టి దెబ్బే తిన్నది. బాగానే కప్పెట్టారు" అన్నాడు మేస్త్రీ, మేనేజరు కళ్ళలోకి సూటిగా చూస్తూ. కారణం చెప్పడం ఆయనకు అదే మొదటిసారి.

మేనేజరు ఆ డోరు దగ్గరికెళ్ళి వంగి చూశాడు. మరదలు మొహం వాడిపోయింది. తోడల్లుడు మాత్రం క్షణం ఆలోచించలేదు. "అన్నయ్య వద్దన్నాక ఇంకేం లేదు. పదండి" అన్నాడు.

ఆ పూట మేస్త్రీ ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. మర్నాడు ఈల వేసుకుంటూ షెడ్డు తెరిచాడు. నాకు దక్కకపోతే పోనీ, వాడికి దక్కలేదు. ఆహా, ఎంత హాయి! రెండు రోజులు ఆ హాయితోనే గడిచాయి. మూడోనాడు అత్తగారు ఫోన్ చేసి, "చిన్నల్లుడు చెప్పాడు బాబూ. నువ్వు లేకపోతే మా పిల్ల ఆ పాడు బండిలో తిరిగేదట కదా. ఎంత పుణ్యం కట్టుకున్నావయ్యా!" అంది. పాతికేళ్ళుగా దేనికోసం మొహం వాచిపోయాడో అది తీరా వచ్చేసరికి మేస్త్రీకి నోట్లో పచ్చివెలక్కాయ పడ్డట్టయింది. "ఆఁ, ఆఁ, సరే" అని పెట్టేశాడు.

ఐదోనాడు యార్డు మేనేజరు షెడ్డు వెతుక్కుంటూ వచ్చాడు. నిలదీస్తాడనుకుని మేస్త్రీ పని వైపు తల తిప్పుకున్నాడు. మేనేజరు స్టూలు లాక్కుని దర్జాగా కూర్చున్నాడు.

"మీరెళ్ళాక ఆ డోరు విప్పి చూశాం మేస్త్రీగారూ. కడిగిన ముత్యం. మీకు తెలియకనా?" అన్నాడు నవ్వుతూ. "తెలిసే అన్నారు. ఎందుకన్నారో నాకనవసరం. అబద్ధాన్ని ఎదుటివాడి కళ్ళలోకి చూస్తూ అంత నిబ్బరంగా చెప్పేవాడిని నేనింతవరకూ చూళ్ళేదు. మా దగ్గరా కొన్ని దెబ్బతిన్న బళ్ళున్నాయి. ఆదివారం ఆదివారం వచ్చి నిలబడండి. మీరు వేలితో కొట్టి 'తీసుకో' అంటే చాలు. బండికింతని ఇస్తాం. మంచిదాన్ని చెడ్డదన్నవారికి చెడ్డదాన్ని మంచిదనడం ఓ లెక్కా?"

మేస్త్రీ చేతికందిన గుడ్డ తీసి నేలకేసి కొట్టాడు. "లేవయ్యా! ముందు బయటికి నడువు! నన్నేమనుకున్నావ్?" అని అరిచాడు. మేనేజరు నిదానంగా లేచి, "ఏమనుకుంటాను? మీరు చేసిందే అనుకున్నాను" అన్నాడు. "ఆ మబ్బురంగు బండి ఇంకా అక్కడే ఉంది. మీ మాట విని నలుగురూ దానివైపే రావట్లేదు" అని వెళ్ళిపోయాడు.

మేస్త్రీకి ఒళ్ళు మండిపోయింది. కానీ ఎవరిమీద? వాడన్నదాంట్లో అబద్ధమేదని వెతికాడు, ఒక్కటీ దొరకలేదు. చేతులు కూడా కడుక్కోకుండా స్కూటరెక్కాడు.

తోడల్లుడు ఆ రోజు ఓ పది అంతస్తుల ఆఫీసు భవనంలో ఉన్నాడు. కింది అంతస్తులో లిఫ్టు తలుపులు తీసి, అడ్డంగా గొలుసు కట్టి, 'మరమ్మతు జరుగుతోంది' అని బోర్డు తగిలించారు. లిఫ్టు గుంతలో నడుంలోతున నిలబడి పనిచేసుకుంటున్నాడు. తలెత్తి, "అరె, అన్నయ్యా!" అంటూ అంత గుంతలోంచీ నమస్కారం పెట్టాడు.

"తమ్ముడూ, ఆ కారు మంచిది" అన్నాడు మేస్త్రీ. దారిలో అనుకున్న మాటలన్నీ మరిచిపోయి, ఉన్నదున్నట్టు వచ్చేసింది. "ఏ డోరూ దెబ్బతినలేదు. నేను అబద్ధం చెప్పాను."

"అదేంటన్నయ్యా? ఎందుకు?"

"కుళ్ళు."

"నామీదా?" తోడల్లుడికి నవ్వొచ్చింది కూడా.

"నీమీదే. నీ కారు మీద, ఫ్లాటు మీద, ఆ రెండు తలుపుల ఫ్రిజ్ మీద. నువ్వు నన్ను చూసి లేచి నిలబడతావు చూడు, దానిమీద కూడా. పోయి ఆ కారు తెచ్చుకో."

తోడల్లుడి నవ్వు ఆగిపోయింది. చేతిలోని పానాను గుంత గట్టు మీద పెట్టాడు. తిడతాడేమోనని మేస్త్రీ ఎదురుచూశాడు. తిట్టినా బావుండు, చెల్లుకు చెల్లయిపోయేది.

"మరి మా సూపర్‌వైజరుకు పోయినేడు ఒకటి వద్దన్నారు కదన్నయ్యా" అన్నాడు చివరికి, మెల్లిగా. "అది నిజంగానే పాడుబండా?"

మేస్త్రీకి దిమ్మతిరిగింది. "ఛ ఛ, అది నిజం తమ్ముడూ. మిగతా పదకొండూ నిజమే. నీ మీదొట్టు."

"సరే అన్నయ్యా" అన్నాడు తోడల్లుడు. అన్నాడు కానీ మేస్త్రీ వైపు చూడలేదు.

"ఆదివారం ఎన్నింటికి రమ్మంటావ్?"

"మళ్ళీ మీకెందుకు శ్రమ? నేను చూసుకుంటాలెండి."

రావద్దన్నా మేస్త్రీ వెళ్ళాడు. మరదలు అక్కను పిలిచింది, అక్క ఈయన్ని లాక్కెళ్ళింది. పాపం ఆమెకింకా ఏమీ తెలియదు. వాళ్ళు చేరేసరికి మబ్బురంగు కారు చుట్టూ మరొకాయన తిరుగుతున్నాడు. మేస్త్రీ షెడ్డుకు ఎదురు షెడ్డులో పెయింటరు. ఇన్నాళ్ళూ మేస్త్రీ 'డబ్బా పెయింటరు' అని నలుగురిలో నవ్వులపాలు చేసిన మనిషి. ఆయన చెవి ఒగ్గి వినే రకం కాదు. అరచేతిలో ఇమిడే, రంగు మందం కొలిచే మిషను ఒకటి రేకుకు ఆనించి, అది కుయ్‌మన్నప్పుడల్లా అంకె చూసుకుంటున్నాడు. తోడల్లుడు ఆయన వెనకే అడుగులో అడుగేస్తున్నాడు.

పెయింటరు మేస్త్రీని చూసి కంగారుపడ్డాడు. "అయ్యో, మేస్త్రీగారూ! మీరుండగా నన్ను పిలిచారేంటండీ వీళ్ళు?"

మేస్త్రీ భార్య కూడా అదే ప్రశ్నతో భర్త మొహం చూసింది. జవాబు తోడల్లుడే చెప్పాడు. "రెండో మాట కూడా ఉంటే మంచిదని" అన్నాడు, చాలా మర్యాదగా. ఎదుటివాడి పరువు కాపాడటంలో కూడా బంగారమే. ఆమె ఒక్క అడుగు భర్తకు దూరంగా జరిగి నిలబడింది. తెలిసిపోయిందని మేస్త్రీకి అర్థమైంది.

పెయింటరు కుడివైపు వెనక డోరు దగ్గరే పావుగంట ఉన్నాడు. తోడల్లుడు ఆయన భుజం మీంచి అంకెలు చూస్తూ నిలబడ్డాడు. చివరికి ఆయన నడుం నిలబెట్టుకుని, "నిక్షేపంలా ఉంది. కళ్ళు మూసుకుని తీసుకోండి" అన్నాడు. తోడల్లుడి మొహం వెలిగిపోయింది. మొన్న లిఫ్టు గుంత దగ్గర సరిగ్గా ఆ మాటే మేస్త్రీ చెప్పాడు, అప్పుడు వెలగలేదు.

తోడల్లుడు పరుగెత్తి టీ తెచ్చి రెండు చేతులతో ముందు పెయింటరుకు అందించాడు. తర్వాత మేస్త్రీకీ ఇచ్చాడు. మరదలు కారు తలుపు తీసి, "అక్కా, రావే" అని పిలుస్తోంది. మేస్త్రీ అటు చూడనైనా లేదు. కొనుక్కోనీ, వందేళ్ళు తిరగనీ, కారు మీద ఆయనకిప్పుడు ఆవగింజంత అసూయ లేదు. ఆయన కళ్ళు ఎదురు షెడ్డువాడి మీదే ఉన్నాయి.

తోడల్లుడు ఫోన్ తీసి, "మీ నంబరు చెప్పండి. వచ్చే నెల మా ఆఫీసులో ఇంకొకాయన కొంటున్నాడు, మీరే చూసిపెట్టాలి" అంటున్నాడు. పెయింటరు ఒక్కో అంకే చెబుతున్నాడు, తోడల్లుడు తప్పు పోకుండా మళ్ళీ పైకి చదువుకుంటున్నాడు. మేస్త్రీ టీ చల్లారిపోతున్నా తాగకుండా ఆ పది అంకెలూ విన్నాడు.