రెండు వేళ్లు పైకి

పోయిన వారం మా అమ్మాయికి దవాఖానలో డ్యూటీ పడడంతో, మనవరాలి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి నేను పోవలసి వచ్చింది. తరగతి గదిలో నల్లబల్ల ఉండవలసిన చోట పెద్ద టీవీ లాంటి పలక ఒకటి బిగించి ఉంది. టీచరు మాతో మాట్లాడుతుండగానే ఒక పాప లేచి వెళ్లి దాని మీద వేలితో గుండ్రంగా గీసింది. వేలు పెట్టిన చోటే గీత పడింది, వంకరగా ఉన్నది కూడా తనంతట తానే నున్నటి వృత్తమై నిలిచింది. చుట్టూ కూర్చున్నవాళ్లు అందులో వింతేమీ లేనట్టు ఫోన్లు చూసుకుంటున్నారు. నాకు మాత్రం కుర్చీలో కుదురు చిక్కలేదు. కళ్లద్దాలు తీసి తుడుస్తూ, మళ్లీ పెట్టుకుంటూ కాసేపు గడిపి, టీ వచ్చేలోపే మార్కుల కాగితం మీద సంతకం పెట్టి బయటపడ్డాను. అప్పటినుంచి ఇంట్లో ఒక చోట కూర్చోలేకపోతున్నాను. బీరువా పైనుంచి పాత డైరీలు దించాను. ఒక పేజీ చదవడం, మూసేసి గేటు దాకా పోవడం, తిరిగి వచ్చి అదే పేజీ తెరవడం, మూడు రోజులుగా ఇదే పని.

డైరీ రాయడం నాకు ఉద్యోగంలో చేరిన రోజు నుంచి అలవాటు. గోదావరిఖనిలో ముప్ఫై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పాను. ఏ తరగతికి ఏ పాఠం చెప్పానో, ఎవరు బడికి రాలేదో, ఏ లెక్క దగ్గర పిల్లలు ఆగిపోయారో అన్నీ రాసుకునేవాణ్ణి. నా ఈడు మాస్టర్లకు వేరే చెప్పనవసరం లేదు, సుద్దముక్క పట్టుకున్న చేతికి ఒక గర్వం ఉండేది. భుజం దగ్గర నుంచి చెయ్యి తిప్పి ఒక్క ఊపులో నల్లబల్ల మీద వృత్తం గీస్తే, మొదలూ చివరా కలిసిన చోటు వెతికినా దొరికేది కాదు. కొత్తగా ఆరో తరగతిలోకి వచ్చిన పిల్లలు నోళ్లు తెరిచి చూసేవాళ్లు. ఆ చూపు కోసం, పాఠంలో అవసరం లేని రోజు కూడా వృత్తం గీసేవాణ్ణని ఈ వయసులో ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

మా బడి కార్మికుల క్వార్టర్ల చివర, పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు బొగ్గు గనికి దగ్గరగా ఉండేది. మధ్యాహ్నం భోజనాల వేళ ముగుస్తుండగా సైరను మోగేది, కొద్ది నిమిషాలకు గనిలో మందు పెట్టి రాయిని పేల్చే బ్లాస్టింగు జరిగేది. అప్పటికే పాఠం మొదలైతే, సైరను వినగానే పిల్లలు ఎవరూ చెప్పకుండానే పెన్నులు నోటుబుక్కు మీది నుంచి ఎత్తి పట్టుకునేవాళ్లు, ఎందుకంటే ఆ క్షణంలో గీస్తున్న గీత తప్పకుండా పక్కకు పోతుంది. నేనూ సుద్దముక్క ఎత్తేవాణ్ణి. కిటికీ రెక్కలు దడదడలాడి, కాళ్ల కింద నేల ఒకసారి ఉలిక్కిపడి, కప్పు నుంచి కాస్త సున్నం రాలేది, అంతే, ఆగిన చోటి నుంచి అందరం మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. బదిలీ మీద కొత్తగా వచ్చిన మాస్టరు ఎవరైనా గది బయటికి ఉరికితే పిల్లలకు ఆ వారమంతా అదే ముచ్చట. మా తమ్ముడు ఆ గనిలోనే బ్లాస్టింగు పనిలో ఉండేవాడు కాబట్టి, సైరను ఆలస్యమైన రోజు పిల్లలు వాణ్ణే తిట్టినంత చనువుగా నన్ను అడిగేవాళ్లు, ఇయ్యాల మీ తమ్ముడు నిద్రపోయిండా సార్ అని.

రాష్ట్రం రావడానికి రెండు మూడేళ్ల ముందు, ఊరంతా ర్యాలీలతో, బందులతో ఉడికిపోతున్న రోజుల్లో, మా బడికి ఆ తెల్ల బోర్డు వచ్చింది. ఎవరో దాత ఇచ్చారు. చూడ్డానికి మామూలు తెల్లబల్లే. కానీ గది కప్పుకు ఇనుప కడ్డీతో వేలాడదీసిన ప్రొజెక్టరు దాని మీద బొమ్మను వేస్తుంది, ఆ వెలుగు మీద ప్రత్యేకమైన పెన్నుతో రాస్తే రంగు గీతలు పడతాయి, రాసిందంతా పక్కనున్న కంప్యూటరులో దాచుకోవచ్చు. కొబ్బరికాయ కొట్టారు. బోర్డుకు బొట్టు పెట్టబోతే కంప్యూటరు టీచరు అడ్డుపడింది. మా తెలుగు పండితులు మాత్రం ఎవరూ చూడనప్పుడు సుద్దముక్కతో దాని మీద శ్రీకారం చుట్టి పెద్దసారు చేత మాటలు పడ్డారు.

పెద్దసారంటే మా హెడ్మాస్టరు. అర్ధ సంవత్సర పరీక్షలు అయ్యాక అధికారులు వచ్చి, పదో తరగతి లెక్కల పాఠం ఆ బోర్డు మీదే చూస్తారని, దాని మీద చెప్పలేని వాళ్లకు కింది తరగతులు ఇస్తానని, ఆయన ఎవరి పేరూ ఎత్తకుండా నా వైపు చూస్తూ ప్రకటించారు. ఆ పదో తరగతి ఆరో తరగతి నుంచి నా చేతి మీదుగా వచ్చిన తరగతి. నలభై ఒక్క మంది. వాళ్ల తండ్రులు షిఫ్టు దిగి, నల్లబడిన కళ్లతో నేరుగా బడికి వచ్చి, మావాడు గనిలకు దిగొద్దు సారూ, మా బిడ్డ పాలిటెక్నిక్ చదవాలె సారూ అని నా చెయ్యి పట్టుకున్నవాళ్లు. చివరి పరీక్ష దాకా మీ పిల్లలను నేనే తీసుకుపోతానని అందరికీ మాట ఇచ్చి ఉన్నాను. ఆ తరగతి నా చేతి నుంచి పోతుందేమో అనే దిగులు ఆ ఏటి డైరీలో పేజీ పేజీకీ కనిపిస్తుంది.

కంప్యూటరు టీచరు మా అమ్మాయి ఈడుది, రోజూ పెద్దపల్లి నుంచి బస్సులో వచ్చేది. డిగ్రీలో లెక్కలు చదివింది గానీ బడిలో ఎన్నడూ లెక్కలు చెప్పలేదు. పొద్దున్నే ఆమె కిటికీ కర్రతో ప్రొజెక్టరును కాస్త నెట్టి, బోర్డు మీద ఒకదాని తర్వాత ఒకటి వచ్చే చుక్కలను పెన్నుతో ముట్టుకుంటూ పోయేది. అప్పుడు బోర్డూ ప్రొజెక్టరూ ఒకదానితో ఒకటి సరిపోయేవి. ఈ సంగతి అప్పుడు నాకు సగమే తెలుసు. పొద్దున ఆమె ఏదో సరిచేస్తుందని తెలుసు, ఏం చేస్తుందో, ఎట్లా చేస్తుందో అడగలేదు. ముప్ఫై ఏళ్ల సర్వీసు ఉన్నవాణ్ణి, నిన్నగాక మొన్న చేరిన అమ్మాయిని అడగడమా అనిపించింది. ఆమె తరగతులు పొద్దటిపూట సాగేవి. ఆ గదిలో నా వంతు మధ్యాహ్నం, బ్లాస్టింగు అయ్యాక.

బ్లాస్టింగుకు నేల అదిరితే ఆ కడ్డీ కొద్దిగా వంగి, ప్రొజెక్టరు బొమ్మ కిందికి జారేది. నేను ఒక చోట పెన్ను పెడితే గీత రెండు వేళ్లు కింద పడేది. మొదటి వారం చెమటలు పట్టాయి. త్రిభుజం గీస్తే భుజాలు కలవవు, సమీకరణం రాస్తే పై వరుస మీద కింది వరుస ఎక్కుతుంది. తర్వాత నాకు అలవాటైన పద్ధతిలో రోజూ కొలవడం మొదలుపెట్టాను. ఈ రోజు రెండు వేళ్లు, ఈ రోజు ఒకటిన్నర, ఈ రోజు మళ్లీ రెండు, ఇట్లా నెలల తరబడి డైరీలో వరుసగా ఉన్నాయి. జారుడు ఎప్పుడూ కిందికే, ఇంచుమించు రెండు వేళ్లే. కాబట్టి గీత ఎక్కడ కావాలో దానికి రెండు వేళ్లు పైన పెన్ను పెట్టడం నేర్చుకున్నాను. ఐదు నెలల్లో నా చెయ్యి ఎంత తయారైందంటే, పాఠం అద్దంలా సాగేది.

మా తమ్ముడికి ఈ కొలతల సంగతి చెబితే వాడు పగలబడి నవ్వాడు.

"అన్నా, నీ బోర్డు కోసం జర మెల్లగ పేల్చుమని మా సారుకు చెప్పాల్నా ఏంది? గా టీచరమ్మను అడుగరాదు, నోరు లేదా నీకు?"

ఇంట్లో దీపం వెయ్యబోయి స్విచ్చుకు రెండు వేళ్లు పైన గోడను నొక్కుతుంటే మా ఆవిడ వంటగది లోంచే కేకేసేది.

"ఏందయ్యా, గోడకు గిలిగింతలు పెడ్తున్నవా? ఆ పిచ్చి బడిల్నే ఇడిసిపెట్టి రారాదు!"

అధికారులు వచ్చే రోజు రానే వచ్చింది. పాఠం మధ్యాహ్నమే పెట్టించుకున్నాను, బ్లాస్టింగు తర్వాతే నా చెయ్యి సరిగా నడుస్తుందని నా లెక్క. వృత్తానికి స్పర్శరేఖ గీయడం పాఠం. స్పర్శరేఖ అంటే వృత్తాన్ని ఒకే ఒక్క బిందువు దగ్గర తాకే గీత. సైరను మోగింది, నేల అదిరింది, నేను స్టాఫు రూములో కూర్చుని ఊపిరి పీల్చుకున్నాను. భోజనాల వేళ ముగిసే బెల్లు దాకా ఆగి గదిలోకి పోయేసరికి వెనక బెంచీల మీద అధికారులు, పక్కన పెద్దసారు, తలుపు దగ్గర కంప్యూటరు టీచరు ఉన్నారు. బోర్డు మీద వృత్తం సిద్ధంగా ఉంది. నిర్వచనం చెప్పి, పిల్లలతో రెండుసార్లు చెప్పించి, వృత్తం పైఅంచుకు రెండు వేళ్లు పైన పెన్ను పెట్టి ఒక్క ఊపులో గీత లాగాను. గీత వృత్తాన్ని తాకలేదు. రెండు వేళ్లు పైన గాలిలో నిలిచింది.

చెరిపాను. బ్లాస్టింగు ఈ రోజు ఎదురు దిక్కుకు నెట్టిందేమో, బొమ్మ పైకి జరిగిందేమో అనుకున్నాను. ఐదు నెలల కొలతల్లో ఒక్కసారి కూడా జరగనిది ఆ గడియలో ఎట్లా నమ్మానో నాకిప్పటికీ తెలియదు. ఈసారి రెండు వేళ్లు కింద గీశాను. గీత వృత్తాన్ని రెండు చోట్ల కోసుకుంటూ పోయింది. మొదటి బెంచీలో కూర్చున్న అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నాకు అందించింది.

"సార్, ఇయ్యాల బోర్డు మంచిగనే ఉంది. మామూలుగ గీయండ్రి."

విన్నాను. కానీ మామూలుగా గీయడమంటే ఏమిటో నా చేతికి గుర్తు లేదు. మూడోసారి గీత మెట్లు మెట్లుగా వచ్చింది. వెనక నుంచి ఒక అధికారి నవ్వుతూ అన్నాడు.

"మాస్టారూ, తాకాలె అని పిల్లలకు చెప్పి, మీరేమో ఒకసారి మీదికెళ్లి, ఒకసారి నడిమిట్లకెళ్లి పోతున్నరు!"

అందరూ నవ్వారు. పిల్లలు మాత్రం నవ్వలేదు, అదే నాకు ఎక్కువ నొప్పి కలిగించింది.

సాయంత్రం స్టాఫు రూములో ఎవరూ లేనప్పుడు కంప్యూటరు టీచరు వచ్చి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సార్, బ్లాస్టింగు అయినంక నేనే పోయి బోర్డు సెట్ చేసిన. మీకు తిప్పలు కావద్దని. ముందుగాల చెప్తే ఏమనుకుంటరో అని చెప్పలే. పెద్దసారు దగ్గరికి పోయి తప్పు నాదే అని చెప్త."

"వద్దమ్మా."

"గట్లెట్ల సార్? మీ క్లాసు పోతది."

"పోయి ఏమని చెప్తవు? ఐదు నెలల సంది సారు జారిన బోర్డు మీదనే రాసిండు, సరిచెయ్యమని నన్ను ఒక్కనాడు అడగలే అని చెప్తవా?"

నేను సంచి తీసుకుని బయటికి వచ్చాను. ఆమె పోయి నిజం చెబితే పెద్దసారు మనసు మారేదేమో, తరగతి నా చేతిలో ఉండేదేమో. ఆ నిజం బయటపడడం కన్నా పనికిరాని మాస్టరు అనిపించుకోవడమే నాకు తేలికగా తోచింది. నలభై ఒక్క మంది తండ్రులకు ఇచ్చిన మాట కన్నా నా బింకమే ఎక్కువైంది. ఆ రోజు పేజీలో ఇదేమీ లేదు. బ్లాస్టింగు ఎన్ని గంటలకు జరిగిందో రాసి, జారుడు అనే చోట సున్న పెట్టి ఊరుకున్నాను.

వారం తిరక్కుండా పదో తరగతి లెక్కలు ఆమెకు, ఆరు ఏడు తరగతులు నాకు వచ్చాయి. నాకు మళ్లీ నల్లబల్ల, సుద్దముక్క దక్కాయి. అయినా మనసు నిలిచేది కాదు. పాఠం మధ్యలో ఆగి పక్క గదిలో ఆమె గొంతు వినేవాణ్ణి, ఆ మెట్టు వదిలేసింది, ఆ ఉదాహరణ ముందు చెప్పాల్సింది అనుకుంటూ గుమ్మం దాకా పోయి తిరిగి వచ్చేవాణ్ణి. నాలుగైదు రోజులు అట్లా తిరిగానో లేదో, ఒక మధ్యాహ్నం అందరూ భోజనం చేస్తుండగా ఆమె పుస్తకం పట్టుకుని నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది. పెద్దసారు కూడా అక్కడే ఉన్నారు.

"సార్, ఈ లెక్క నాకు రాదు. పొద్దుగాల పిల్లలు అడిగితే తెల్లమొఖం ఏసిన. జర చెప్పండ్రి."

ఎంత మామూలుగా అన్నదంటే, మంచినీళ్లు అడిగినంత మామూలుగా. ఎవరూ నవ్వలేదు, ఎవరి ముద్దా ఆగలేదు. నేను చెయ్యి కడుక్కుని వచ్చి ఆమె నోటుబుక్కులోనే ఆ లెక్క చేసి చూపించాను. మరునాడు ఇంకొకటి తెచ్చింది. పరీక్షలు మొదలయ్యేదాకా ఒక్క రోజు తప్పలేదు, కొన్నిసార్లు ఆమెకు వచ్చిన లెక్క కూడా తెచ్చేదని నా అనుమానం. ఫలితాలు వచ్చిన రోజు తండ్రులు స్వీటు డబ్బాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు, ఆమె అందులోంచి ఒకటి తీసి మొదట నాకు ఇచ్చింది. తీసుకున్నాను. బోర్డును ఎట్లా సరిచేస్తారో అప్పుడైనా అడగవలసింది. అడగలేదు.

రాష్ట్రం వచ్చింది, నేను రిటైరయ్యాను, ఆమెకు ఎక్కడికో బదిలీ అయింది. గని విస్తరించి ఆ క్వార్టర్లు ఖాళీ అయ్యాయి, బడిని కూడా అక్కణ్నుంచి ఎత్తేశారు. ఇప్పటి మాస్టర్లకు ఏదైనా రాకపోతే జేబులోంచి ఫోను తీసి చూసుకుంటున్నారు, ఎవరికీ తెలియకుండా పని అయిపోతుంది, మంచిదే. ఒకరి బల్ల దగ్గరికి నడిచి వెళ్లి, నలుగురి ముందు, నాకు ఇది రాదు అని చెప్పే అవసరం ఎవరికీ లేకుండా పోయింది. నాకు ఆ అవసరం ఉన్న కాలంలో, పక్క గది దాకా ఇరవై అడుగులు కూడా లేని వరండాలో రోజూ అటూ ఇటూ తిరిగి కూడా, ఆ మూడు మాటలు నోటికి రాలేదు.