అయిదు చింతగింజలు

ఒడిశాలోని కేంద్రపడా జిల్లా సముద్రపు ఒడ్డు పల్లెల్లో ప్రమోదిని బారిక్ ఎవరని అడిగితే తెల్లమొహం వేస్తారు. భయాల అపా అని అడగండి, మేకలు కాసుకునే ముసలాడు కూడా కర్ర ఎత్తి దారి చూపిస్తాడు. అక్కడ చదువుకున్న ఆడవాళ్లను అపా అనడం మామూలే. ఈవిడ ఊరూరా తిరిగి మీకు దేనికెంత భయం అని అడుగుతుంది కాబట్టి అపాకు ముందు భయాల అన్న మాట వచ్చి అతుక్కుంది. మొదట్లో ఆమెకు ఒళ్లు మండేది. తర్వాత్తర్వాత తనే ఫోన్ తీసి, "భయాల అపాని మాట్లాడుతున్నా, చెప్పండి" అనడం మొదలుపెట్టింది.

భువనేశ్వర్‌లో ఒక విశ్వవిద్యాలయంలో విపత్తుల మీద పరిశోధన చేసే విభాగం ఉంది. ముప్పు నిజానికి ఎంత, జనం దాన్ని ఎంత అనుకుంటారు, ఈ రెంటికీ మధ్య తేడా ఎందుకొస్తుంది అన్నదే వాళ్ల చదువంతా. చదువు గొప్పదే, కాదనను. కాకపోతే కాలికి బలపం కట్టుకుని తిరిగేది ప్రమోదిని, వ్యాసం మీద పేరు పడేది ప్రొఫెసర్ త్రిలోచన్ సత్పథీది. అలాగని ఆయన చెడ్డవాడేం కాదు. ఆమె తెచ్చిన అంకెలను పసిబిడ్డను ఎత్తుకున్నంత జాగ్రత్తగా చూసుకునేవాడు. ఆ అంకెలు చెప్పిన మనుషుల మొహాలు మాత్రం ఆయన ఎప్పుడూ చూడలేదు.

మీ భయాన్ని ఒకటి నుంచి అయిదు లోపు చెప్పండి అంటే పల్లెల్లో ఎవరు చెబుతారు? "భయానికి మార్కులేంటమ్మా, ఇదేమన్నా బడా?" అని నవ్వేవారు. అందుకని ప్రమోదిని సంచిలో ఒక సత్తుగిన్నె, అయిదు చింతగింజలు పెట్టుకుని తిరిగేది. తుఫానుకు ఎంత భయమో అన్ని గింజలు గిన్నెలో వెయ్యండి, పాముకు ఎన్ని, ఉప్పునీళ్లకు ఎన్ని, అని అడిగేది. జనానికి ఈ ఆట భలే నచ్చింది. ఒకాయన సముద్రానికి రెండు వేసి, "మా ఆవిడక్కూడా వెయ్యాలా? అయితే అన్నీ ఇలా ఇవ్వు" అని చెయ్యి చాపాడు. వాళ్లావిడ తలుపు చాటునుంచి చెంబు విసిరింది.

ప్రమోదిని భయాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. ఆమెకు పన్నెండేళ్లప్పుడు పెద్ద తుఫాను వచ్చింది. నీళ్లు గడపలోకి వస్తున్నప్పుడు వాళ్లమ్మ ఆవు కట్టు విప్పి వస్తానని వెనక్కి వెళ్లింది. మళ్లీ రాలేదు, ఆవూ రాలేదు. కేతకిపటాలో ఉండే పిన్ని సైలబాల ఆ పిల్లను తెచ్చుకుని పెంచింది, చదివించింది, పెళ్లి చేసి భువనేశ్వర్ పంపింది. ఒడియావాళ్లు పిన్నిని మావుసీ అంటారు. ప్రమోదినికి ఈ లోకంలో పుట్టింటి మనిషంటూ మిగిలింది ఆ మావుసీ ఒక్కతే.

జ్యేష్ఠమాసంలో కేతకిపటా వంతు వచ్చినప్పుడు ప్రమోదిని గిన్నె ముందు పెట్టగానే మావుసీ గింజలు మొత్తం ఒకేసారి గుమ్మరించింది.

"తుఫాను వస్తోందంటే షెల్టర్‌కు వెళ్తావా మావుసీ?"

"వెళ్లకేం చేస్తాను? మా అక్కను మింగిన గాలి అది. అందరికంటే ముందు నేనే పరిగెత్తుతా, రాసుకో."

ప్రమోదిని రాసుకుంది. పల్లెలో ఆడవాళ్లంతా అదే మాట అన్నారు, అబద్ధమాడిన వాళ్లు ఒక్కరూ లేరు. కాలవ అవతలి పల్లెలో మాత్రం, "మా ముత్తాతలు చూడని గాలా? మేం రాం" అన్నారు. నివేదికలో ప్రమోదిని కేతకిపటాను చెప్తే కదిలే పల్లెల్లో చేర్చింది, కాలవ అవతలి దాన్ని మొండి పల్లెల్లో చేర్చింది. తుఫాను రోజున ట్రాక్టర్లు, మనుషులు ముందు ఎక్కడికి వెళ్లాలో అధికారులు ఆ పట్టిక చూసే నిర్ణయించారు. అందులో తప్పేముంది? లెక్క ప్రకారం అంతా సవ్యంగానే ఉంది.

మార్గశిరంలో తుఫాను లేచింది. గురువారం సాయంత్రానికి తీరం దాటుతుందన్నారు. బుధవారం పొద్దుగూకేవేళ కేతకిపటా వార్డు మెంబరు బాంఛానిధి ఫోన్ చేశాడు.

"అపా, మైకు గొంతు పోయింది, నా గొంతూ పోయింది. మగవాళ్లు సరేనంటున్నారు, ఆడవాళ్లు కదలడం లేదు. వాళ్లు కదలందే మగవాళ్లూ కదలరు. ట్రాక్టర్లన్నీ కాలవ అవతలికి పంపేశారు. ఏంటని అడిగితే మీ పల్లెకు అక్కర్లేదని కాగితంలో ఉందంటున్నారు. ఆ కాగితం ఎవరు రాశారో గానీ..."

"నేనే రాశాను భాయి," అంది ప్రమోదిని.

"అయితే నువ్వే రా," అని పెట్టేశాడు.

ప్రమోదిని మావుసీకి ఫోన్ చేసింది. "రేపు ఎలా వస్తానే? తర్వాత చూద్దాంలే," అని మావుసీ మాట దాటేసింది. తెల్లవారకముందే బయలుదేరాలని ప్రమోదిని విభాగం జీపు చెప్పి పెట్టుకుంది. తీరా బయలుదేరేసరికి పొద్దు బాగా పైకెక్కింది. డ్రైవరు గేటు దగ్గర హారన్ కొట్టీ కొట్టీ విసిగిపోయాడు. ఆమె లోపల ఇల్లు అలికి, గడప నుంచి పూజగది దాకా పిండిముగ్గుతో లక్ష్మి పాదాలు వేసి, ధాన్యం కొలిచే మాణలో కొత్త వడ్లు పోసి, వక్కలూ బంతిపూలూ పెట్టి లక్ష్మీతల్లిని కూర్చోబెట్టి, పాయసం నైవేద్యం పెట్టి మరీ వచ్చింది. మార్గశిర గురువారం కదా. ఆలస్యమైందని కూడా ఆమెకు తోచలేదు.

పట్టాముండై దాటాక వాన మొదలైంది. చెట్లు ఊగుతున్నాయి. ఆమె ఇంటికి ఫోన్ చేసి భర్తతో, "దీపం చూస్తున్నారా? కొండెక్కనివ్వకండి. ఇల్లు వదిలి ఎక్కడికీ కదలకండి, తల్లి ఒక్కతే ఉంటుంది," అంది. అన్నాక నోరు అలాగే ఉండిపోయింది.

"ఏమైంది?" అన్నాడు ఆయన.

"ఏం లేదు," అని పెట్టేసింది. ఇంత చదివి, ఇన్ని పల్లెలు తిరిగి, ఇన్ని వేల గింజలు లెక్కపెట్టి, మార్గశిర గురువారం ఒడియా ఇల్లాలు లక్ష్మిని ఒంటరిగా వదిలి గడప దాటదన్న ముక్క కాగితం మీద ఎందుకు లేదు? తనకు తెలియకనా? చిన్నప్పటి నుంచి తన చేతులతోనే ముగ్గు వేస్తోందాయె. జ్యేష్ఠమాసపు ఎండలో అడిగిన ప్రశ్నకు జ్యేష్ఠమాసపు జవాబే వచ్చింది. అడిగినావిడకు గుర్తు రాలేదు, చెప్పినవాళ్లకూ గుర్తు రాలేదు.

కేతకిపటాకు చేరేసరికి సముద్రం రంగు మారిపోయింది. మావుసీ ఇంట్లో దీపం వెలుగుతోంది, అరిసెలూ మండా కుడుములూ ఆవిరి కక్కుతున్నాయి. ప్రమోదినిని చూడగానే మావుసీ మొహం వెలిగి, వెంటనే ముడుచుకుంది.

"గురువారం పూట ఇల్లొదిలి వచ్చావా? నీ తల్లి?"

"ఇంట్లో ఉంది. ఆయనకు అప్పగించి వచ్చా."

"మగాడికా! నిన్ను చదివించింది ఇందుకటే? లక్ష్మిని మొగుడికి అప్పగించి ఊరేగుతున్నావా?"

"నడువు మావుసీ. గాలి వచ్చేస్తోంది."

"రాను. తల్లిని కూర్చోబెట్టి తలుపేసుకుని పోతానా? ఈ గాలికి దీపం ఆరితే? ఎవరూ లేరని ఆవిడ లేచి వెళ్లిపోతే, ఇల్లు ఉండి ఎవరికి? ఊడి ఎవరికి?"

ప్రమోదిని వాదించలేదు. వాదించి గెలిచే విషయమే అయితే బాంఛానిధి మైకే గెలిచేది. ఆమె నేల మీద చతికిలబడి సంచిలోంచి సత్తుగిన్నె తీసింది. పక్కన మావుసీ కంచుగిన్నె కూడా పెట్టింది.

"ఇదిగో, ఈ గిన్నె గాలిది. వెయ్యి."

"ఇప్పుడు ఆటలేంటే?" అంటూనే మావుసీ అయిదు గింజలూ వేసింది.

"ఈ రెండోది తల్లిని వదిలి వెళ్లడానికి. దీనికెంత?"

మావుసీ సత్తుగిన్నెలోవన్నీ తీసి కంచుగిన్నెలో పోసింది. పోసి, ఇంకా ఏమైనా ఉన్నాయేమోనని నేల తడిమింది.

"ఇంకా లేవా?"

"లేవు."

"చాలవు మరి," అంది మావుసీ. "నాకేం చావాలని ఉందటే? గాలి పేరెత్తితే ఇప్పటికీ మా అక్క కనిపిస్తుంది. కానీ కాలు లేవడం లేదు, ఏం చెయ్యను?"

"మరి జ్యేష్ఠంలో ముందు నేనే పరిగెత్తుతా అన్నావుగా?"

"జ్యేష్ఠంలో నాకు గుర్తుందా? నీకు గుర్తుందా?"

లేదు. ఆ మాట నిజం. ప్రమోదిని లేచి వానలో షెల్టర్ వైపు పరిగెత్తింది.

స్తంభాల మీద కట్టిన ఆ షెల్టరే మామూలు రోజుల్లో పల్లెకు బడి. మగవాళ్లు నలుగురు బల్లలు ఒక పక్కకు జరుపుతున్నారు. ప్రమోదిని వాళ్లతో నేల కడిగించింది, వాళ్లు తెచ్చిన ఎండుచేపల మూటలు మెట్ల కిందికి పంపించింది. బాంఛానిధి ఏదో అనబోతే, "నోరు మూసుకుని బంతిపూలు తీసుకురా భాయి," అంది. పిండి ఎక్కడుంది? గురువారం ఏ ఇంట్లోంచీ గింజ కూడా బయటికి రాదు. బీరువాలో సుద్దముక్కలున్నాయి. తలుపు దగ్గర మొదలుపెట్టి నల్లబల్ల కింద గోడ దాకా, లోపలికి వస్తున్నట్టుగా లక్ష్మి పాదాలు గీసింది. తొందరలో పాదాలు వంకర పోయాయి. గీయడం అయ్యాక బాంఛానిధిని పంపి, "మావుసీని ఒక్కసారి వచ్చి చూసి పొమ్మను. ఇంట్లో దీపం దగ్గర నువ్వు కూర్చో," అంది.

మావుసీ తిట్టుకుంటూ వచ్చింది. తలుపు దగ్గర ఆగి కిందికి చూసింది.

"ఇవి లక్ష్మి పాదాలా, బాతు పాదాలా?"

"నువ్వు నేర్పినవే."

"నా పేరు చెడగొట్టకు. ఇలా తే." సుద్దముక్క లాక్కుని వంగి, వేళ్లన్నీ విడివిడిగా కనబడేలా మళ్లీ గీసుకుంటూ గోడ దాకా వెళ్లింది. అక్కడ నడుం పట్టుకుని లేచి, గది అంతా ఒకసారి కలియజూసింది. కడిగిన నేల, పూలు, మూలన వెలిగించిన దీపం.

"పిలవని చోటికి ఆవిడ రాదు," అంది నెమ్మదిగా. "పిలిచారుగా. చుట్టాలింటికి వచ్చినట్టు వస్తుంది. నేనడుగుతా ఉండు."

ఇంటికి వెళ్లి ఏమని అడిగిందో ఎవరికీ తెలియదు. కాసేపటికి మావుసీ మాణను ఎర్రగుడ్డలో చుట్టి నెత్తిన పెట్టుకుని, నైవేద్యం మూట చంకన పెట్టుకుని, గాలికి ఒరుగుతూ నడిచి వచ్చింది. వెనకాల బాంఛానిధి దీపానికి గొడుగు పట్టుకుని నడుస్తున్నాడు, అతను పూర్తిగా తడిసిపోయాడు. గుమ్మాల్లో నిలబడి చూసిన ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు లోపలికి వెళ్లి, మాణలతో బయటికి వచ్చారు. నల్లబల్ల కింద జాగా కోసం కొంచెం కీచులాట కూడా జరిగింది. మా లక్ష్మి ముందంటే మా లక్ష్మి ముందని. మామూలుగా ఆ నైవేద్యం ఇంటివాళ్లే తినాలి, పెళ్లయి వెళ్లిన కూతురికి కూడా పెట్టరు. తలుపులు మూసి గాలి అరుపు మొదలయ్యాక పిల్లలు ఆకలికి ఏడిస్తే మావుసీ తన మూట విప్పింది. "ఇవాళ ఇదే ఇల్లు. ఇక్కడ పరాయివాళ్లెవరే?" అంటూ అందరికీ పంచి, చివరి ముక్క ప్రమోదిని నోట్లో కుక్కింది.

కేతకిపటాలో ఇళ్లు చాలా పడ్డాయి. మావుసీ ఇంటి కప్పు ఎగిరిపోయింది, తల్లిని కూర్చోబెట్టిన గోడ పూర్తిగా కూలింది. మనుషులు అందరూ మిగిలారు.

పుష్యంలో ప్రొఫెసర్ సత్పథీ ప్రశ్నావళి ముందేసుకుని కూర్చున్నాడు. ప్రమోదిని ఒక ప్రశ్న కలపమంది. దేన్ని వదిలి వెళ్లాలంటే భయం, ఎంత భయం, ఏ నెలలో?

"దీన్ని ఏ కొలతలో పెట్టను ప్రమోదినీ?" అన్నాడు ఆయన.

"ముందు అడుగుదాం సార్, కొలత తర్వాత చూద్దాం. మీరు కూడా ఒకసారి నాతో రండి."

ఆయన ప్రశ్న పెట్టాడు. రాలేదు, మోకాళ్ల నొప్పులట.

కొత్త ప్రశ్న పట్టుకుని ఆమె మొదట మావుసీ దగ్గరికే వెళ్లింది. కూలిన గోడ లేస్తోంది, మావుసీ చేతులకు బురద ఉంది. గిన్నె, గింజలు బయటికి తీయగానే మావుసీ రెండూ లాక్కుంది.

"ఇన్నేళ్లు మమ్మల్నే అడిగావు. నిన్నెవరైనా అడిగారటే?"

"నన్నెందుకు అడుగుతారు?"

"నేనడుగుతున్నా. దేనికి భయం నీకు? వెయ్యి."

ప్రమోదిని నవ్వబోయింది, నవ్వు రాలేదు. మావుసీ ఇచ్చిన గింజలు అరచేతిలోకి తీసుకుంది. చిన్నప్పుడు ఆవు కట్టు విప్పడానికి వెనక్కి తిరిగిన వీపు, ఆ గురువారం దీపం ముందు కదలనని కూర్చున్న వీపు, రెండూ కళ్ల ముందు నిలిచాయి.

"నువ్వు రావేమోనని," అంది, అయిదు గింజలూ గిన్నెలో వేసింది.

మావుసీ గిన్నెలోకి చూసింది. బురద చేతుల్ని చీరకు తుడుచుకుని, ప్రమోదిని తల దగ్గరికి లాక్కుంది.

"ఇవేనా? ఇంకా లేవా?"

"ఉన్నవన్నీ ఇవే మావుసీ," అంది ప్రమోదిని, ఏడుస్తూ.