బెల్టు మీద నిలవని హోల్‌స్టర్

2023 చివర, జెద్దాలో ఎండ కాస్త మెత్తబడిన రోజులవి. షరఫియా పేటలో ఒక కిరాణా దుకాణం పై అంతస్తులో నాదొక చిన్న ఆల్టరేషన్ షాపు. ఆల్టరేషన్ అంటే కొత్త బట్ట కుట్టడం తక్కువ, కుట్టిన బట్టను మనిషికి సరిపెట్టడం ఎక్కువ. ఇక్కడి ఆడవాళ్ళు బట్టల పైన వేసుకునే పొడవాటి అబాయాల అంచులు మడవడం, జిప్పులు మార్చడం, స్కూలు యూనిఫారాలు వదులు చేయడం. సమీరా, మొన్న ఫోన్లో "జేజీ, ఇన్నేళ్ళూ అక్కడ సూదీ దారమేనా, వేరే ఏమీ జరగలేదా?" అని అడిగావు. నంద్యాలలో నువ్వూ మీ అన్నా ఫోను స్పీకర్లో పెట్టుకుని నవ్వుకోవడం నాకు వినబడింది. జరిగింది తల్లీ. ఒక పిస్తోలు ఒర కథ ఉంది. నెమ్మదిగా చెబుతాను, నెమ్మదిగా వినండి.

ఒక సోమవారం సాయంత్రం రీమ్ అనే సౌదీ అమ్మాయి వచ్చింది. ముప్పై లోపే వయసు. ఒక బడిలో లెక్కలు చెబుతుంది. అంతకు ముందు తన అబాయాలు రెండు మూడు సరిచేసి ఇచ్చాను కాబట్టి నేను తనకు తెలుసు. ఇక్కడి అలవాటు ప్రకారం మీ నాన్న పేరుతో "ఉమ్ రఫీ", అంటే రఫీ తల్లి, అని పిలిచేది, చనువు కలిసినప్పుడు "ఖాలా", అంటే పిన్నీ, అనేది. ఆమె వెనకాల సంచి పట్టుకుని వాళ్ళింట్లో పనిచేసే సత్యవతి ఉంది. కోనసీమ పిల్ల. మన మాట వినబడుతుందని షాపుకు రావడమంటే దానికి ఇష్టం. నా దగ్గర గిరాకీకని ఒకటే కుర్చీ ఉండేది. అందులో రీమ్ కూర్చుంది. సత్యవతి గుమ్మం దగ్గర నిలబడింది.

సంచిలోంచి గట్టి నల్ల బెల్టు ఒకటి తీసి బల్ల మీద పెట్టింది రీమ్. దానికి పక్కన ప్లాస్టిక్ డొప్ప లాంటిది వేలాడుతోంది. డ్రిల్లు మెషీను పెట్టుకునేదేమో అనుకుని చేత్తో పట్టుకున్నాను.

"ఇది హోల్‌స్టర్, ఖాలా. పిస్తోలు పెట్టుకునే ఒర" అంది రీమ్.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయుధం నా షాపు మెట్లు ఎక్కకూడదని ముందే చెప్పేశాను. తనూ తేనని, అది క్లబ్బు వాళ్ళ బీరువాలోనే తాళంలో ఉంటుందని, ఇంటికి తెచ్చుకునేది ఈ ఒర, బెల్టు మాత్రమేనని చెప్పింది. అప్పుడు గానీ నా చెయ్యి ముందుకు రాలేదు.

ఆమె ఆడేది ఎట్లాంటి ఆటో ఆ రోజే తెలిసింది. ఒక్కచోట నిలబడి కాల్చేది కాదట. బీప్ అని ఒక చప్పుడు వస్తుంది. అప్పటిదాకా చేతులు ఖాళీగా ఉండాలి. చప్పుడు రాగానే ఒరలోంచి పిస్తోలు తీసి, ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదులుతూ అట్ట బొమ్మలను కొట్టాలి. గురితో పాటు వేగాన్నీ లెక్కేస్తారు. వెనకాల ఒక అధికారి అడుగు వెంట అడుగు వేస్తూ ఉంటాడు. పిస్తోలు కింద పడిందా, ఆ రోజుకు ఆట అయిపోయినట్టే, ఎంతటి వాళ్ళనైనా ఇంటికి పంపిస్తారు. ఆ కట్టుబాటు విన్నాక నా భయం సగం తగ్గింది.

రీమ్ బాధ ఏమిటంటే, పోయిన వారం అభ్యాసంలో పిస్తోలు పైకి లాగితే ఒర కూడా దాంతో పాటే లేచి వచ్చింది. బెల్టు నడుం మీంచి ఊడి పక్కకు తిరిగింది. అధికారి వెంటనే ఆపేసి, అది సరిచేసుకుని వస్తేనే కాల్చే గీత మీద నిలబడనిస్తానన్నాడు. రాబోయే శుక్రవారం పోటీ. క్లబ్బు తరఫున ఆడే ఆడవాళ్ళ జట్టును ఆ రోజే ఎంచుతారు. కొత్త బెల్టు బయటి దేశం నుంచి రావాలి, శుక్రవారానికి అందదు. తోలుపని చేసే అతను గమ్ము పెట్టి అతికిస్తానన్నాడట. గమ్ము మాట నచ్చక నా దగ్గరికి వచ్చింది.

"రెండేళ్ళుగా దీనికోసమే సాధన చేస్తున్నాను ఖాలా. నా చెయ్యి తప్పు చేస్తే ఓడిపోతాను, ఏమీ అనుకోను. బెల్టు వల్ల మాత్రం ఓడి ఇంటికి రాలేను" అంది.

నా పనిలో ఒక పద్ధతి ఉంది. బల్ల మీద బట్టను చూసి ఏదీ తేల్చను. వేసుకుని చూపించమంటాను. తెర వెనక్కి తీసుకెళ్ళి, అబాయా తీయించి, ఆట రోజు ఎట్లా కట్టుకుంటుందో అట్లా కట్టుకోమన్నాను. మోకాళ్ళ దాకా ట్యూనిక్, కింద చాలా జేబుల ప్యాంటు. బెల్టులు నిజానికి రెండు. లోపలిది పల్చనిది, ప్యాంటు లూపుల్లోంచి పోతుంది. దాని పైమొహం నిండా మెత్తటి నూగు. బయటిది గట్టిది, దాని లోపలి మొహం నిండా గరుకు ముళ్ళు. రెండూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. మీ స్కూలు బూట్ల పట్టీకి ఉండే వెల్‌క్రోనే. ఆ బయటి బెల్టుకే ఒర తగిలించి ఉంటుంది.

ఉత్త చేత్తోనే తీస్తున్నట్టు చేయమన్నాను. చేసింది. మళ్ళీ చేయమన్నాను. పిల్లలూ, ఆ చెయ్యి చూడాల్సింది మీరు. ఎన్నిసార్లు చేసినా అదే చోటికి, అదే వేగంతో, గాలిలో గీత గీసినట్టు దిగేది. నేను కూడా ఏళ్ళ తరబడి ఒకే కుట్టు వేసినదాన్ని కదా, సాధన చేసిన చెయ్యి ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. కాసేపు బెల్టు సంగతి మరిచిపోయి ఆ చెయ్యినే చూస్తూ ఉండిపోయాను.

మొదట కంటికి కనబడింది ఒర ఊగడం. ఒరకూ బెల్టుకూ మధ్య హ్యాంగర్ అనే ముక్క ఉంటుంది. బెల్టు ఆ హ్యాంగర్ సందులోంచి పోతుంది. సందు లావు బెల్టు కోసం చేసింది, ఈమె బెల్టు పల్చన. పైగా మరలు రెండూ వదులు. బయటి బెల్టు విప్పించి తెర ఇవతలికి తెచ్చి, మీ తాతను పిలిచాను. ఏసీ మెకానిక్‌గా చేసిన మనిషి కదా, పెట్టె తెచ్చి మరలు విప్పి, కదలకుండా పట్టే నీలం గమ్ము చుక్క వేసి మళ్ళీ బిగించాడు. సందులో నేను గట్టి తోలు పట్టీ ఒకటి కోసి దూర్చాను. ఊగడం ఆగింది.

"అయిపోయినట్టే గదా, ఇంగ టీ పెట్టు" అన్నాడు తాత.

"ఉండు. లాగి చూడకుండానే పంపిస్తామా?" అన్నాను.

లాగడానికి మన ఇంట్లో ఒక వస్తువు ఉందే. నంద్యాల వచ్చే ముందు సూట్‌కేసులు తూచే కొక్కెం తరాజు. గల్ఫులో అది లేని ఇల్లుండదు. తెర వెనక రీమ్‌కు మళ్ళీ బెల్టు కట్టించి, ఆ తరాజు కొక్కేన్ని ఒరకు తగిలించి పైకి లాగాను. అంకె సరిగ్గా పెరగనే లేదు, బయటి బెల్టు మొత్తం ఊడి నా చేతికి వచ్చింది. ఒర బెల్టును వదల్లేదు. బయటి బెల్టే లోపలి బెల్టును వదిలేసింది.

నన్ను ఆపింది అది ఊడటం కాదు, చప్పుడు లేకపోవడం. వెల్‌క్రో విడిపోతే చర్రుమనాలి. ఎన్ని స్కూలు బ్యాగుల పట్టీలు విప్పాను నేను. ఇది మాత్రం పట్టుచీర జారినట్టు జారింది. లోపలి బెల్టు కూడా విప్పించాను. రీమ్ అబాయా తొడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చుంటే, నేను దాన్ని దీపం కిందికి తెచ్చి వేలితో రుద్దాను. నూగంతా అణిగి, నున్నగా మెరుస్తోంది. కుడి నడుం వచ్చే చోట కోసుగా ఒక గుర్తు. ఇస్త్రీ పెట్టె ముక్కు గుర్తు. మా పనిలో ఉన్నవాళ్ళు దాన్ని చీకట్లో తడిమినా పోల్చుకుంటారు.

తలెత్తితే గుమ్మం దగ్గర సత్యవతి. నా వేలు ఎక్కడుందో చూసింది.

"ఏంటండీ పిన్నిగారూ, కాలిపోయిందాండీ?" అంది తెలుగులో, మెల్లగా.

రీమ్‌కు తెలుగు రాదు. నేను ఏమని చెబితే అదే. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకు ఒక్క తప్పు ఎంత దూరం తీసుకుపోతుందో ఈ షాపులో కూర్చుని చాలా విన్నాను. కఫీల్ అంటే వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న యజమాని. వాళ్ళకు కోపమొస్తే తిరుగు టికెట్ చేతిలో పెట్టి ఊరికి పంపేస్తారు. అందరూ అట్లాంటి వాళ్ళు కాదు, కానీ భయం అందరికీ ఒకటే. అందుకని రీమ్‌తో, ఈ వైపు పట్టు చచ్చిపోయింది, కొత్తది వేస్తాను అని మాత్రం అన్నాను.

ఆమె లెక్కల టీచరు కదా, అంతటితో వదల్లేదు.

"కొని ఏడాది కూడా కాలేదు. ఎందుకు చచ్చిపోయింది? కారణం తెలియకపోతే కొత్తదీ చస్తుంది కదా ఖాలా?"

మాట న్యాయమైనదే. నా దగ్గర జవాబూ ఉంది. అయినా కొత్త పట్టీ వెతికే వంకతో డబ్బా తెరిచాను. ఇంతలో సత్యవతి సంచి కింద పెట్టి, గుమ్మం దాటి లోపలికి వచ్చింది. వచ్చీరాని అరబ్బీలో, "మేడం, నేను చేశాను. ప్రతి వారం ఇస్త్రీ చేశాను" అంది.

తర్వాత మాట అరబ్బీలో దొరకక నా వైపు తిరిగింది. "ఆ పల్చటి బెల్టు ప్యాంటులోనే ఉండిపోయి ఉతుక్కి వచ్చేస్తదండి. మెలికలు పడిపోయుంటదండి. మేడం నలుగురిలోకీ ఎల్తారు కదండీ, నలిగిందేసుకుని ఎల్తే ఆ ఇంట్లో పనోళ్ళు లేరా అనుకోరాండీ? అందుకని బాగా వేడి పెట్టి మరీ రుద్దేదాన్నండి. సెప్పండి పిన్నిగారూ, ఉన్నదున్నట్టు సెప్పేయండి."

ఉన్నదున్నట్టే చెప్పాను. రీమ్ ఆ బెల్టును చేతిలోకి తీసుకుని ఆ కోసు గుర్తును వేలితో తడిమింది. సత్యవతి చున్నీ కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. మీ తాత పెట్టె సర్దుకునే వంకతో తల వంచేశాడు.

"ఇది దేనికో నీకు ఎప్పుడైనా చెప్పానా?" అని అడిగింది రీమ్.

లేదని తల ఊపింది సత్యవతి.

"మరి నీకెలా తెలుస్తుంది?" అంటూ రీమ్ కుర్చీలోంచి లేచింది. సత్యవతి భుజాలు పట్టుకుని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. కూర్చోబెట్టి, రెండు బెల్టులూ దాని ఒళ్ళో పెట్టి, ఏ మొహం దేన్ని కరుచుకుంటుందో, పిస్తోలు పైకి లాగితే బలం ఎటు పోతుందో, పట్టు లేకపోతే ఏమవుతుందో, బడిపిల్లలకు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది. అరబ్బీ మాట అందనిచోట చేతులతో చూపించింది. సత్యవతి విని, తనే బెల్టులు అతికించి లాగి చూసి, "అమ్మ బాబోయ్, ఇంత పనుందాండీ దీనికి" అంది. ముగ్గురమూ నవ్వాం.

ఆ మిగిలిన పని మేం ఆడవాళ్ళం కలిసే చేశాం. పాత నూగు పట్టీ కుట్లు సత్యవతి విప్పింది. దాని వేళ్ళకు ఎంత ఓర్పో, నైలాను పట్టీ మీద ఒక్క పోగు తెగలేదు. స్కూలు బ్యాగుల కోసం తెచ్చి పెట్టుకున్న వెడల్పాటి కొత్త పట్టీ నేను వేశాను. అంచులు రెండు వరుసలు, మధ్యలో వంకర కుట్టు. ప్యాంటుకు, ఒర వచ్చే చోటికి ఇటూ అటూ రెండు లూపులు అదనంగా వేసి బార్‌టాక్ కొట్టాను. జీన్సు జేబు మూలల్లో దగ్గర దగ్గరగా దారం గుట్టలా ఉంటుందే, అదే బార్‌టాక్. అక్కడ చిరగాలంటే బట్టే చిరగాలి. ట్యూనిక్ కుడివైపు చీలిక కొంచెం పైకి పెంచాను, గుడ్డ అడ్డం పడకుండా. ఒరను నేను చూపుకు బాగుంటుందని కాస్త ముందుకు పెడితే, రీమ్ కళ్ళు మూసుకుని చెయ్యి దించి చూసి, "వేలెడు వెనక్కి, ఖాలా" అంది. వెనక్కి జరిపాను. కళ్ళు మూసుకునే మళ్ళీ చెయ్యి దించింది. సరిగ్గా ఒర మీద పడింది.

తరాజు తగిలించి లాగాం. ఈసారి అంకె పైపైకి పోయింది, రీమ్ మడమలు లేచాయి గానీ బెల్టు కదల్లేదు. చివరికి చేత్తో ఊడదీస్తే షాపంతా వినబడేట్టు చర్రుమంది.

శుక్రవారం మమ్మల్నీ రమ్మంది రీమ్. ఊరి బయట, మట్టి కట్టల మధ్య ఉంది ఆ మైదానం. చెవులకు డొప్పలు, కళ్ళకు అద్దాలు ఇచ్చి గీతకు ఎంతో వెనకాల కూర్చోబెట్టారు. గీత మీదికి పోయే ముందు రీమ్ మా దగ్గరికి వచ్చి, ఖాళీ ఒరతో సత్యవతి ముందు నిలబడింది. "చూడు" అంది. సత్యవతి లేచి, ఒర పట్టుకుని పైకి లాగింది, పక్కకు లాగింది, బెల్టు అంచు వేలితో తడిమింది. తర్వాత తల ఊపింది. అప్పుడే రీమ్ వెళ్ళింది.

పోయిన వారం ఊడింది ఎట్లాంటి చోటనో మళ్ళీ అట్లాంటిదే వచ్చింది. బొమ్మలకు వీపు పెట్టి నిలబడి, బీప్ రాగానే గిరుక్కున తిరిగి తీయాలి. నడుం మీద అన్నిటికంటే ఎక్కువ లాగుడు పడేది అక్కడే. అధికారి ముందు తానే ఒరను పట్టి ఊపి చూసి, సరేనన్నాడు. చప్పుడు వచ్చింది. ఆమె తిరిగింది, చెయ్యి దిగింది, లేచింది. అందరూ బొమ్మల వైపు చూస్తున్నారు. నేనూ సత్యవతీ ఆమె కుడి నడుం వైపే చూస్తున్నాం. ఒర, గోడకు కొట్టిన మేకులా ఉన్నచోటనే ఉంది.

"గుండు ఎక్కడ తగిలిందో నాకు తెలీదండి, బెల్టు మాత్రం కదల్లేదండి" అంది సత్యవతి, చెవి డొప్ప పక్కకు జరిపి.

సాయంత్రం జట్టు పేర్లు చదివారు. రీమ్ పేరు ఉంది. మొదటి పేరు కాదు, ఉంది. ఆమె ఆ అధికారి దగ్గరికి సత్యవతిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, "నా పరికరాలు చూసుకునేది ఈమె" అని చెప్పింది. ఆయన తల వంచి మర్యాదగా పలకరించాడు. తిరిగి వచ్చేటప్పుడు కారులో సత్యవతి ఆ బెల్టును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఇస్త్రీ చేయకుండా గుండ్రంగా చుట్టి.

పిల్లలూ, ఆ ఒర నాకు నేర్పింది ఇదీ. ఏ వస్తువైనా మన ముందుకు వచ్చేసరికి, వేసుకునే వాళ్ళ చేతుల్లోంచే కాక దాన్ని ఉతికి, ఆరేసి, మడత పెట్టే వాళ్ళ చేతుల్లోంచి కూడా వచ్చి ఉంటుంది. సగం సంగతి వాళ్ళ దగ్గరే ఉంటుంది. వాళ్ళు భయం లేకుండా చెప్పగలిగితేనే మన కుట్టు నిలుస్తుంది. ఆ మరుసటి వారం నేను ఇంకో కుర్చీ కొన్నాను. ఇప్పుడు నా షాపుకు ఎవరు వచ్చినా, బట్ట తెచ్చినవాళ్ళనూ వెనకాల సంచి పట్టుకొచ్చినవాళ్ళనూ, మొదట ఇద్దరినీ కూర్చోమంటాను.